ప్రహరీ దగ్గర ఆగిపోయే వీధులు: పట్టణ విస్తరణకు ఒక కొలత

(బరంపురం స్టూడియోలో జరిగిన చర్చకు అక్షరరూపం. పాల్గొన్నవారు: నగర ప్రణాళికా నిపుణురాలు, భూగోళశాస్త్ర అధ్యాపకుడు, ఒక కాలనీ సంఘం కార్యదర్శి.)

సంధానకర్త: నమస్కారం. పాత బరంపురం దాటి అంబపువా, హల్దియాపదర్ వైపు కొత్త కాలనీలు వరుసగా లేస్తున్నాయి. పర్లాకిమిడి, రాయగడ వంటి ఊళ్లలోనూ లేఅవుట్ల సందడి కనిపిస్తోంది. ఊరు పెరగడం వేరు, పద్ధతి లేకుండా పరుచుకుపోవడం వేరు అని అందరం అంటాం గానీ, ఆ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలో చెప్పలేకపోతున్నాం. వీధులు ఒకదానితో ఒకటి ఎంత బాగా కలుస్తున్నాయో లెక్కగట్టి దీన్ని తేల్చవచ్చునని కొందరు పరిశోధకులు చూపించారు. మేడమ్, ఇందుకు జనసాంద్రత లెక్క ఎందుకు సరిపోదు?

నిపుణురాలు: సాంద్రత మారిపోతూ ఉంటుంది కాబట్టి. నేడు ఒంటి అంతస్తు ఇల్లున్న చోట పదేళ్లకు నాలుగంతస్తులు లేవవచ్చు. అప్పుడు సాంద్రత ప్రకారం ఆ కాలనీ చక్కగా కుదురుకున్నట్టే కనిపిస్తుంది, కానీ పాల ప్యాకెట్ తేవాలన్నా బండి తీయవలసిన పరిస్థితి మాత్రం అలాగే ఉంటుంది. ఇళ్లను పడగొట్టి మళ్లీ కట్టుకుంటారు. వీధి అలా కాదు, ప్లాట్లు అమ్ముడుపోయి రిజిస్ట్రేషన్లు పూర్తయ్యాక దాన్ని కదిలించడం ఎవరి తరమూ కాదు. క్రిస్టఫర్ బారింగ్టన్-లీ, ఆడమ్ మిల్లార్డ్-బాల్ అనే ఇద్దరు పరిశోధకులు 1920 నుంచి 2012 వరకు అమెరికాలో వేసిన వీధులను ఈ కొలతతోనే పరిశీలించి 2015లో ఫలితాలు ప్రచురించారు. సొంత కార్లు సర్వసాధారణం కావడానికి చాలా ముందే అక్కడ వీధులు ఒకదానితో ఒకటి కలవకుండా ఊరు పరుచుకుపోయే ధోరణి మొదలైందనీ, 1994 ప్రాంతంలో పతాకస్థాయికి చేరిందనీ, ఆ తర్వాత వేసిన వీధులు మళ్లీ ఒకదానితో ఒకటి కలవసాగాయనీ వారు తేల్చారు. కూడలికి కలిసే దారుల సగటును బట్టి చూస్తే 1994, 2012 మధ్య ఈ విస్తరణ సుమారు 9 శాతం తగ్గింది. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. మొదట్లో వీధులు ఒకదానితో ఒకటి కలవకుండా వేసిన ప్రాంతాలు, చుట్టూ ఊరు పెరిగినా, చాలావరకు అలాగే మిగిలిపోయాయి.

సంధానకర్త: ఆ సగటును ఎలా కడతారు? మాస్టారూ, మీరు ఏదో గీసి తెచ్చినట్టున్నారు.

అధ్యాపకుడు: ఈ కాగితం చూడండి. పెద్ద రోడ్డు మీద నుంచి లోపలికి ఒక దారి, దానికి ఒకే పక్కన దువ్వెన పళ్లలా ఆరు సందులు ఉన్నాయి. ఆరు సందులూ ప్రహరీ దగ్గర ఆగిపోతాయి, అసలు దారి కూడా చివర అలాగే ఆగిపోతుంది. ఇప్పుడు ప్రతి కూడలి దగ్గరా ఎన్ని దారులు కలుస్తున్నాయో రాసుకుందాం. పెద్ద రోడ్డు మీది కూడలితో కలిపి మూడు దారులు కలిసే చోట్లు ఏడు, మూసుకుపోయిన కొసలు ఏడు. ఏడు మూళ్లు ఇరవై ఒకటి, ఏడు ఒకట్లు ఏడు, మొత్తం 28. దాన్ని 14 బిందువులతో భాగిస్తే సగటు 2 వస్తుంది. ఇక్కడొక జాగ్రత్త అవసరం, ఉత్త మలుపును కూడలిగా లెక్కపెట్టకూడదు. ఇప్పుడు ఆ సందుల కొసలను కలుపుతూ వెనక ఒక వీధి వేసి, దాన్నీ పెద్ద రోడ్డు నుంచే మొదలుపెట్టి, రెండు పొడుగు వీధులనూ అవతలి కొసన పక్క కాలనీ రోడ్డుకు తగిలిద్దాం. బిందువులు 16 అవుతాయి, అన్నిటా మూడేసి దారులు కలుస్తాయి, సగటు 3. ఇందుకోసం పోయేది వెనక వరుసలో వీధికి పట్టే స్థలం మాత్రమే.

సంధానకర్త: రెండుకూ మూడుకూ తేడా నడిచే మనిషికి ఎలా తెలుస్తుంది?

అధ్యాపకుడు: సందు పొడవు 150 మీటర్లు, రెండు సందుల మధ్య దూరం 40 మీటర్లు అనుకుందాం. పక్కపక్క సందుల కొసల్లో ఉన్న రెండిళ్ల మధ్య నేరు దూరం 40 మీటర్లే, అంటే ఒక ఇంటి డాబా మీద నుంచి పిలిస్తే రెండో ఇంటికి వినిపిస్తుంది. మొదటి పటంలో నడిచి వెళ్లాలంటే 150, 40, 150 కలిపి 340 మీటర్లు, అంటే ఎనిమిదిన్నర రెట్లు. రెండో పటంలో 40 మీటర్లే. గళ్లుగా వేసిన వీధుల్లో అన్ని దిక్కులకూ సగటు తీస్తే నడక దూరం నేరు దూరానికి సుమారు 1.27 రెట్లు ఉంటుంది కాబట్టి, ఎనిమిదిన్నర అంటే ఎంత దారుణమో ఊహించుకోవచ్చు. అయితే సగటు ఒక్కటే చూస్తే మోసపోతాం. అదే పరిశోధకులు 2020లో ప్రపంచమంతటికీ వేసిన సూచికలో చుట్టు తిరుగుడును, మూసుకుపోయిన సందులను, ఒక్కటి తెగితే వెనకున్న ప్రాంతానికి మిగతా ఊరితో సంబంధమే పోయే వీధులను కూడా కలిపి లెక్కించారు. 1975 తర్వాత చాలా దేశాల్లో కొత్త వీధుల అనుసంధానం తగ్గుతూ వస్తోందని అందులో తేలింది.

కార్యదర్శి: లెక్క బాగానే ఉంది మాస్టారూ, కానీ మా కాలనీలో ఎవరిని అడిగినా ఒకటే దారి ఉండడం మేలంటారు. ఒక గేటు, ఒక వాచ్‌మన్, సందులో పిల్లల ఆటలు. వెనక వీధి తెరిస్తే ఆస్కా రోడ్డుకు అడ్డదారి దొరికిందని బళ్లన్నీ మా ఇళ్ల మధ్య నుంచే పోతాయి.

నిపుణురాలు: మీ భయంలో అర్థముంది, కాదనను. కానీ బళ్లకు తెరవడం, మనుషులకు తెరవడం ఒకటి కాదు. సందు కొసన రెండు గజాల వెడల్పున గోడ తీసి మధ్యలో ఇనుప స్తంభాలు పాతితే సైకిలూ నడిచేవారూ పోతారు, కారు పోదు. మీరు ఒక గేటు భద్రత అంటున్నారు గానీ, 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రిని తలచుకోండి. మాస్టారి మొదటి పటంలో పెద్ద రోడ్డు మీది కూడలి దగ్గర ఒక్క చెట్టు పడితే ఆరు సందులకూ అంబులెన్స్ రాదు. తుపాను దాకా ఎందుకు, తాగునీటి పైపు కోసం ఆ మొగ తవ్వినా చాలు. రెండేళ్లకోసారి జరిగే బుఢీ ఠాకురాణి అమ్మవారి యాత్రకు పాత ఊళ్లో వీధులు కిక్కిరిసిపోయినా, అక్కడి మనిషి పక్క సందులోంచి తన పని చూసుకుంటాడు, ఎందుకంటే పక్క సందు ఎక్కడో ఒకచోట తేలుతుంది.

అధ్యాపకుడు: ఇంకో మాట కలుపుతాను, నవ్వకండి. మనవాళ్లు వీధిపోటు ఉన్న ప్లాటు కొనరు. మూసుకుపోయే ప్రతి సందూ చివరి ప్లాటుకు వీధిపోటు తెస్తుంది, నాలుగు దారుల కూడలిలో ఆ గొడవే ఉండదు. వాస్తు మీద నాకు నమ్మకం లేదు గానీ, లేఅవుట్ వేసేవారికి ఈ లెక్క నా సగటు కంటే త్వరగా ఎక్కుతుంది.

సంధానకర్త: ఈ కొలతలన్నీ కంప్యూటర్ పటాల మీదే కదా చేస్తారు? మన సందుగొందులు వాటిలో ఉంటాయా?

అధ్యాపకుడు: అసలు చిక్కు అక్కడే ఉంది. ప్రపంచ సూచికను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత పటం ఆధారంగా వేశారు. దాన్ని ఎవరైనా నింపవచ్చు, ఎవరూ నింపకపోతే ఖాళీగానే ఉంటుంది. ఆటో పట్టని సందు పటంలో లేకపోతే పాత ఊరు ఉన్నదానికంటే తెగిపోయినట్టు కనిపిస్తుంది. గేటు వేసిన దారిని మామూలు రోడ్డుగా ఎక్కిస్తే కొత్త కాలనీ ఉన్నదానికంటే బాగా కలిసినట్టు కనిపిస్తుంది. అందుకని విద్యార్థుల చేత ముందు సందులు నడిపించి, పటంలో ఎక్కించి, ఆ తర్వాతే లెక్క తీయాలంటాను.

నిపుణురాలు: మంజూరు దశలో ఆ ఇబ్బంది లేదు, పటం చేతిలోనే ఉంటుంది. లేఅవుట్ కాగితాలు చూసేటప్పుడు మన చూపంతా రోడ్డు వెడల్పు మీదే నిలుస్తుంది. వెడల్పుతో పాటు కూడళ్ల సగటును, పక్క భూమి వైపు తెరిచి ఉంచిన కొసల సంఖ్యను కూడా రాయమంటే అరగంట పని. నలభై అడుగుల రోడ్డు గోడ దగ్గర ఆగిపోతే ఆ వెడల్పు ఎవరికి?

కార్యదర్శి: ఇప్పటికే కట్టేసిన కాలనీల సంగతి చెప్పండి. మాకు అన్ని గోడలూ తీసే ఓపిక లేదు.

అధ్యాపకుడు: అన్నీ అక్కరలేదు. బడికి, బస్సుకు, బజారుకు వెళ్లే దూరాన్ని ప్రతి గోడ దగ్గరా రెండుసార్లు లెక్కించండి, ఒకసారి మూసి, ఒకసారి తెరిచి. ఎక్కువ ఇళ్లకు ఎక్కువ దూరం తగ్గించే గోడ ఏదో తేలుతుంది, దానితో మొదలుపెట్టండి.

నిపుణురాలు: గోడ మీద చెయ్యి వేసే ముందు మంజూరైన లేఅవుట్ పటం తీసి చూడండి. సందును సరిహద్దు దాకా రోడ్డుగానే చూపారా, లేక కొసన అడుగో గజమో వెడల్పున ఒక పట్టీని వేరే పేరున మిగిల్చారా అన్నది ముఖ్యం. పక్క భూమికి దారి పోకుండా అలా మిగల్చడం ఉంది. పట్టీ మిగిలి ఉంటే ముందు మాట్లాడవలసింది దాని యజమానితో, కార్పొరేషన్‌కు అర్జీ ఆ తర్వాత.