పిలుపు వచ్చాక పని నేర్చుకోవాలి
(దేవరకొండ ప్రాంత క్రైస్తవ యువజన కూటమిలో ఒక రిటైర్డ్ నర్సు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పాస్టరయ్యలకు, సంఘ పెద్దలకు, పొద్దున్నుంచీ ఈ ఉక్కలో షామియానా కింద ఓపిగ్గా కూర్చున్న మీ అందరికీ ప్రభువు పేరిట వందనాలు.

నాకిచ్చిన అంశం సేవకు పిలుపు. నిన్న రాత్రి సాక్ష్యాల సమయంలో మీలో చాలామంది లేచి నిలబడ్డారు. కొందరు ఏడ్చారు కూడా. సంతోషం. అయితే ఇలా నిలబడినవాళ్లను ఏళ్ల తరబడి చూసినదాన్ని కాబట్టి, నా దగ్గరికి వచ్చి "సిస్టర్, నాకు సేవాభారం ఉంది" అన్న ప్రతి ఒక్కరినీ ఒకటే అడుగుతాను. నీకు ఏ పని వచ్చు? రాకపోతే ఎక్కడ నేర్చుకుంటావు?

ఈ ప్రశ్న కొందరికి నచ్చదు. దేవుడు పిలిచాక చదువెందుకు అంటారు. "చిత్తగించుము, నేనున్నాను, నన్ను పంపుము" అన్న యెషయా మాట మనందరికీ కంఠతా వచ్చు. ఆ మాటన్న మనిషి తర్వాత ఎన్ని రాజుల కాలాలు ఆ పనిలోనే ఉండిపోయాడో మాత్రం మన పాటల్లో రాదు.

మన జిల్లాల సంగతే చూడండి. అబ్రహాం ఫ్రీసెన్, మరియ అనే దంపతులు రష్యాలోని మెన్నొనైట్ అనే ప్రొటెస్టంట్ సంఘం నుంచి 1889లో బయల్దేరారు. మరుసటి ఏడాది నల్లగొండలో కాపురం పెట్టారు. ఫ్రీసెన్ మనసు పుట్టగానే ఓడెక్కలేదు. ముందు జర్మనీ వెళ్లి హాంబర్గ్ సెమినరీలో చదువుకున్నాడు. ఇక్కడికి వచ్చాక మళ్లీ ఓనమాలు దిద్ది తెలుగు నేర్చుకున్నాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లతో సూర్యాపేట, జనగామ దాకా పని సాగింది. రష్యాలో యుద్ధం, విప్లవం వచ్చి అక్కడి సంఘాల డబ్బు ఆగిపోయినప్పుడు అమెరికన్ బాప్టిస్టులు ఆ భారం ఎత్తుకున్నారు.

శంషాబాద్ పేరు చెప్తే ఇప్పుడు మీకు విమానాశ్రయం గుర్తొస్తుంది. నాకు కాథరీనా షెల్లెన్‌బెర్గ్ గుర్తొస్తుంది. ఆమె అమెరికాలో వైద్యం చదివి, డాక్టరయ్యాకే 1907లో ఇక్కడికి వచ్చింది. 1945లో ఆ శంషాబాద్‌లోనే కన్నుమూసింది. పరదా దాటి మగ డాక్టరుకు చెయ్యి చూపించని ఆడవాళ్లు నిజాం రాజ్యంలో ఎందరో ఉన్న రోజులవి. అలాంటి చోట ఒక ఆడ డాక్టరు దొరకడమంటే ఏమిటో మీ నానమ్మల్ని అడగండి.

వీళ్లంతా తెల్లవాళ్లు కదా అంటారేమో. వి.ఎస్. అజరయ్య గారు తిరునెల్వేలి వైపు తమిళులు. వై.ఎం.సి.ఎ.లో సెక్రటరీగా మంచి పేరున్న మనిషి. అదంతా వదిలి 1909లో మన పక్కనే ఉన్న డోర్నకల్‌కు వచ్చారు. ముప్ఫై దాటిన వయసులో తెలుగు పట్టుబట్టి నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల సభ జరిగింది. మీరు మా బీదలకు ఆస్తులిచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, మాకు స్నేహితులను ఇవ్వండి అని ఆ సభలో నిలబడి అడిగింది ఈయనే. ఆ రోజు కింద కూర్చున్న దొరల్లో కొందరికి అది మింగుడు పడలేదు. ఇప్పుడు చెంచు పెంటలకు, అంటే అడవిలో చెంచుల గూడేలకు, బట్టల మూటలతో, బ్యానర్‌తో వెళ్లి ఫొటోలు దిగి సాయంత్రానికి అచ్చంపేటలో బిర్యానీకి చేరుకునే మన యూత్ టీములకు కూడా ఆ మాట తగులుతుంది. నొచ్చుకోకండి. వచ్చే ఏడు అదే పెంటకు మళ్లీ వెళ్తే మీ పేరు ఎంతమందికి గుర్తుంటుంది? మీకు ఎంతమంది పేర్లు గుర్తుంటాయి?

నాకు తెలిసిన పని కుష్ఠు రోగుల పాదాలు. దాని గురించి కాస్త వివరంగానే చెప్తాను.

కుష్ఠుకు మందుంది. ఆరు నెలలో ఏడాదో బిళ్లలు సరిగ్గా మింగితే నయమవుతుంది, సర్కారు దవాఖానాలో ఉచితం. 2005 చివరికల్లా అది ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయిందని దేశం ప్రకటించుకుంది. అయినా ఏటా లక్ష దాకా కొత్త కేసులు బయటపడుతూనే ఉన్నాయి. అసలు చిక్కు ఏమిటంటే, క్రిమి చచ్చినా అప్పటికే చచ్చిపోయిన నరం తిరిగి లేవదు. పాదంలో స్పర్శ రాదు. ఒక పెద్దాయన మా దగ్గరికి వచ్చినప్పుడు అరికాల్లో సర్కారు తుమ్మ ముల్లు విరిగి ఉంది. ఎప్పుడు గుచ్చుకుందని అడిగితే, "ఏమో బిడ్డా, చెప్పుల తడి కనిపిస్తే చూసిన" అన్నాడు. ఆ తడి నెత్తురు.

అలాంటి పాదాన్ని ఎలా చూసుకోవాలో వినండి. టబ్బులో చల్లటి నీళ్లు పోసి ఇరవై నిమిషాలు నానబెట్టాలి. వేడినీళ్లు వద్దు, కాలినా వాళ్లకు తెలియదు. నానిన ఆనెలను గరుకు రాయితో మెల్లగా రుద్దాలి. తడి పూర్తిగా ఆరకముందే నూనె రాయాలి, లేకపోతే చర్మం బీటలు వారి మళ్లీ పుండవుతుంది. వేళ్ల సందులు ఒక్కొక్కటీ విడదీసి చూడాలి. తర్వాత మన చేతి వెనక భాగాన్ని అరికాలు మీద అక్కడక్కడా ఆనించాలి. ఒకచోట వేడిగా తగిలిందంటే లోపల వాపు మొదలైనట్టే. పైకి ఏమీ కనిపించదు, ఆయనకు నొప్పీ ఉండదు. మన చెయ్యే ఆయనకు నొప్పి కబురు చెప్పాలి. చెప్పులు ఇచ్చేటప్పుడు మడమ వెనక పట్టీ ఉన్నవే ఇవ్వాలి. పట్టీ లేకపోతే నడుస్తూ నడుస్తూ చెప్పు ఊడిపోయినా ఆయనకు తెలియదు.

ఈ పని ఆయనకే నేర్పించాలి కూడా. మనం రోజూ వెళ్లి చేస్తే మనకు మంచి పేరొస్తుంది, ఆయన పాదం మాత్రం మనమీద ఆధారపడి ఉంటుంది.

మంచి శుక్రవారానికి ముందు రోజు మన సంఘాల్లో పాదాలు కడిగే ఆరాధన చేస్తాం. అందరూ ఇంట్లోనే సబ్బుతో రుద్దుకుని, కొత్త సాక్సులు తొడుక్కుని వస్తారు! యేసు నడుముకు తువ్వాలు కట్టుకున్నప్పుడు ఆ పన్నెండు మంది పాదాలు అలా ఉండి ఉండవు.

ఇక అందరి మనసులో ఉన్నా వేదిక మీద ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. అన్నం పెట్టి, మందిచ్చి మతంలోకి లాగుతారని మనమీద ఉన్న మాట. ప్రతిసారీ అది అబద్ధమని కొట్టిపారేయలేం, అలా చేసినవాళ్లూ ఉన్నారు. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ పనిలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. బాప్తిస్మం ఇమ్మని జనం వెంటపడినా, కరువు సాయం జరిగినన్నాళ్లూ ఇవ్వలేదు. కూలి కోసం వచ్చారో, విశ్వాసంతో వచ్చారో తేలాలన్నాడు. సాయం ఆగిపోయాక, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మనవాళ్లు ఆ సంఖ్యనే పదే పదే చెప్తారు. నాకు మాత్రం ఆయన ఆగిన ఆ నెలలే పెద్దవిగా కనిపిస్తాయి. మీరు పుండు కడుగుతున్నప్పుడు ఎదుటి మనిషి కదల్లేని స్థితిలో ఉంటాడు. అప్పుడు కరపత్రం చేతిలో పెట్టకండి. ఆయనే అడిగితే మీ విశ్వాసం దాచాల్సిన పనీ లేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. సేవంతా మన చేతుల్లోనే జరగలేదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిపోతుంటే, బిందెడు నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని తయారుచేసింది నాగ్‌పూర్‌లోని నీరి (NEERI) అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు. దాని పేరే నల్లగొండ పద్ధతి. వాళ్లు మిషనరీలు కారు. మీలో కెమిస్ట్రీ చదివేవాళ్లు అది గుర్తుపెట్టుకోండి.

నర్సింగ్ చేసి గల్ఫ్‌కో లండన్‌కో వెళ్లాలనుకునే పిల్లలు నన్ను చూసి తల దించుకుంటారు, ఎందుకో నాకు అర్థం కాదు. ఇంటి అప్పు తీర్చడం తప్పేమీ కాదు. పాలమూరు నుంచి మేస్త్రీ వెంట పుణెకో బొంబాయికో పోయిన కుటుంబాల ముసలివాళ్లు ఊళ్లల్లో ఒంటరిగా ఉన్నారు. బీపీ బిళ్ల ఏది, షుగర్ బిళ్ల ఏది అని చెప్పే దిక్కు లేదు. సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు మీ వాడలో ఒక్క ఇంటికి వెళ్లి ఆ బిళ్లలు వేరుచేసి, చీటీ రాసిపెట్టండి. దానికి ఏ ట్రైనింగూ అక్కర్లేదు, చదవడం వస్తే చాలు.

చీటీల్లో చాలా ప్రశ్నలు వచ్చాయి, టైం లేదు, ఒక్కటి చదువుతాను. "సిస్టర్, నేను జీఎన్ఎం నర్సింగ్ కోర్సు చేసి మిషన్ హాస్పిటల్‌కి వెళ్లాలనుకుంటున్నా. మా నాయన ఇంటర్ కాగానే పెళ్లి చేస్తానంటున్నాడు. పిలుపుకు లోబడాలా, తండ్రికి లోబడాలా?" రాసిన అమ్మాయి ఎవరో పేరు చెప్పొద్దు. ముందు కాలేజీ ఫీజు ఎంత, హాస్టల్ ఎంత, స్కాలర్‌షిప్ ఎంత వస్తుందో ఒక కాగితం మీద రాసుకో. మీ నాయన భయం చాలావరకు అక్కడే ఉండొచ్చు. భోజనాలయ్యాక ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి రా, మీ నాయన నంబర్ కూడా తీసుకురా. నేను మాట్లాడతా.