గుండం తొక్కే పాదాలు, పరిణామం లెక్కలు

(స్టూడియో చర్చకు లిఖిత రూపం. పాల్గొన్నవారు: జీవశాస్త్ర ఆచార్యురాలు, మానవశాస్త్ర పరిశోధకుడు, భారతీయ తర్కం బోధించి పదవీ విరమణ చేసిన పండితుడు.)

సంధానకర్త: నమస్కారం. కొమురవెల్లి మల్లన్న జాతరలో పెద్దపట్నం వేసి అగ్నిగుండం దాటుతారు. పీర్ల పండుగకు తెలంగాణ పల్లెల్లో పీర్ల చావడి ముందు అలాయి గుండం మండుతుంది. నిప్పు సెగ తగిలితే వెనక్కి దూకడం ప్రాణికి సహజం. మనిషి మాత్రం ఉపవాసం ఉండి, స్నానం చేసి, కోరి నిప్పుల్లోకి నడుస్తాడు. మనుగడే పరమావధి అనే పరిణామ సిద్ధాంతానికి ఇది కొరకరాని కొయ్య కాదా మేడమ్?

జీవశాస్త్ర ఆచార్యురాలు: ముందు ఆ ‘పరమావధి’ని పక్కన పెడదాం. పరిణామానికి గమ్యమంటూ లేదు. ఏ లక్షణం ఉన్నవాళ్ళ సంతానం ఎక్కువగా మిగిలిందో ఆ లక్షణం తర్వాతి తరాల్లో ఎక్కువగా కనిపిస్తుంది, అంతే. ఇక ప్రాణానికి చేటు తెచ్చే ఆర్భాటం మనిషి ఒక్కడిదే కాదు. నెమలి పింఛాన్ని చూస్తే ఒంట్లో బాగుండటం లేదని డార్విన్ 1860లో ఒక మిత్రుడికి ఉత్తరం రాశాడు. అంత బరువైన తోక ఎందుకు నిలిచిందన్నది ఆయన బాధ. 1975లో అమోట్జ్ జహావి అనే ఇజ్రాయెల్ శాస్త్రవేత్త ఒక జవాబు చెప్పాడు. ఖరీదైనది కాబట్టే ఆ సంకేతం నమ్మదగినది, బలహీనుడు దాన్ని మోయలేడు. గుండానికీ అదే వర్తిస్తుంది. ‘నేను మీవాణ్ణే’ అని నోటితో అనడానికి ఖర్చేముంది? నిప్పుల మీద నడిచి అనడం వేరు.

తర్క పండితుడు: అంటే భక్తి ఒక ప్రకటన అన్నమాట. (నవ్వు) ఆ సంగతి భక్తుడికి చెప్పి చూడండి.

జీవశాస్త్ర ఆచార్యురాలు: భక్తుడికి తెలియాల్సిన పని లేదు మాస్టారూ. నెమలికి తెలుసా?

మానవశాస్త్ర పరిశోధకుడు: దీనికి కొంత ఆధారం ఉంది, చెప్పనివ్వండి. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో ఉమ్మడి ఆస్తితో, ఉమ్మడి వంటతో బతకాలని వందల సమాజాలు పుట్టాయి. కొన్ని మతం మీద, కొన్ని సోషలిజం వంటి ఆదర్శాల మీద. మానవశాస్త్రవేత్త రిచర్డ్ సోసిస్ వాటి ఆయుర్దాయాన్ని లెక్కగట్టాడు. ఏ సంవత్సరం తీసుకున్నా, మతం మీద నిలబడ్డవి ఆ ఏడాది గట్టెక్కే అవకాశం మిగతావాటి కంటే నాలుగు రెట్లు ఎక్కువ. 2003లో మరొకరితో కలిసి 83 సమాజాలను ఇంకా లోతుగా చూశాడు. మాంసం మానాలి, మద్యం మానాలి, ఆస్తి వదలాలి, ఫలానా బట్టలే కట్టాలి వంటి కట్టుబాట్లు ఎన్ని ఉన్నాయో చూస్తే, మత సమాజాల్లో అవి ఎక్కువయ్యేకొద్దీ ఆయుష్షు పెరిగింది. ఆదర్శ సమాజాల్లో అవే కట్టుబాట్లు పెట్టినా ఫలితం కనిపించలేదు.

సంధానకర్త: అదే ధర చెల్లించినా?

మానవశాస్త్ర పరిశోధకుడు: అవును. ‘మాంసం ఎందుకు మానాలి?’ అని ఆదర్శవాది అడుగుతాడు, కమిటీ వేస్తాడు, ఓటింగ్ పెడతాడు. పవిత్రమన్న చోట ఆ ప్రశ్నే లేవదు.

తర్క పండితుడు: నాకు కావలసింది ఇదే. మేడమ్ చెప్పిన ఖరీదు ఒక్కటే చాలదు. దాని వెనక పవిత్రత అనే భావం ఉండాలి. ఆ భావం ఎక్కడి నుంచి వచ్చిందో మీ లెక్క చెప్పడం లేదు.

జీవశాస్త్ర ఆచార్యురాలు: ఒప్పుకుంటాను. పైగా సోసిస్ జాబితాలోనే నాకు ఇంకో చిక్కుంది. షేకర్లని ఒక క్రైస్తవ శాఖ ఉంది. పద్దెనిమిదో శతాబ్దం నుంచి ఉన్నవాళ్ళు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఇప్పటికీ వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది ఉన్నారు. వాళ్ళ మొదటి నియమం బ్రహ్మచర్యం! సంతానం సున్నా. జన్యువుల లెక్కలో మొదటి తరంతోనే అయిపోవాలి. రెండు శతాబ్దాలు దాటి నిలిచారంటే బయటివాళ్ళను చేర్చుకుంటూ, అనాథ పిల్లలను పెంచుకుంటూ నిలిచారు. కాబట్టి ఇక్కడ వారసత్వంగా వచ్చేది జన్యువు కాదు, ఆచారం. నమ్మకాన్ని పుట్టించే ‘భగవంతుడి జన్యువు’ దొరికిందనే శీర్షికలు చూసినప్పుడు నాకు వీళ్ళే గుర్తొస్తారు.

సంధానకర్త: అసలు నమ్మకం ఎలా మొదలైందన్న దానిపై డార్విన్ ఏమైనా చెప్పాడా?

జీవశాస్త్ర ఆచార్యురాలు: చెప్పాడు, అదీ తన కుక్క గురించి. 1871లో రాసిన సంగతి. ఎండ పూట పచ్చికలో తెరిచి ఉన్న గొడుగు చిన్న గాలికి కదిలినప్పుడల్లా ఆ కుక్క గుర్రుమని మొరిగేది. కనిపించని ఎవరో కదిపారని అది తనకు తెలియకుండానే అనుకుని ఉంటుందని డార్విన్ ఊహ. ఆ ఊహను మన కాలంలో జస్టిన్ బారెట్ అనే మనస్తత్వవేత్త పెంచాడు. పొద కదిలితే పులి అనుకుని పారిపోయినవాడికి పోయేదేమీ లేదు, గాలి అనుకున్నవాడికి ఒక్కసారి తప్పినా అంతే సంగతులు. అలా ప్రతి కదలిక వెనకా ‘ఎవరో’ ఉన్నారనుకునే మనసు మనకు మిగిలింది, దేవతలూ దయ్యాలూ దాని ఉపఫలాలు అని వాదన. వినడానికి బాగుంటుంది. ప్రయోగాలు మాత్రం దానికి అంత గట్టిగా సాయం రాలేదు.

తర్క పండితుడు: ఆ బారెట్ స్వయంగా భక్తుడైన క్రైస్తవుడు. అది కూడా చెప్పండి. నమ్మకం ఎలా పుట్టిందో తెలిసినంత మాత్రాన అది నిజమో అబద్ధమో తేలదని ఆయన వాదించాడు. లెక్కలు వేసే బుద్ధి కూడా పరిణామంలో వచ్చిందే కదా, ఆ కారణంగా రెండూ రెండూ నాలుగు కాకుండా పోతుందా?

సంధానకర్త: ఒక ప్రేక్షకుడు ఫోనులో అడుగుతున్నారు. దశావతారాల్లో చేప, తాబేలు, వరాహం, నరసింహం అనే వరుస పరిణామమే కదా అని.

జీవశాస్త్ర ఆచార్యురాలు: ఈ ప్రశ్న లేకుండా తెలుగులో ఈ చర్చ ముగియదు! 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడిన బ్రిటిష్ జీవశాస్త్రవేత్త హాల్డేన్ అంతటివాడు కూడా ఆ పోలికను ప్రస్తావించాడు. కానీ పరిణామం మెట్ల వరుస కాదు, కొమ్మలు వేసే చెట్టు. తాబేలు పందిగా మారలేదు, రెండూ ఇప్పటికీ బతికే ఉన్నాయి.

తర్క పండితుడు: నేను ఇంకో మాట చేరుస్తాను. భాగవతం ప్రథమ స్కంధంలో అవతారాల జాబితా చూడండి. అక్కడ వరాహం రెండోది, మత్స్యం పదోది, కూర్మం పదకొండోది. అవతారాలు అసంఖ్యాకాలని కూడా అక్కడే ఉంది. పురాణానికి మీ సర్టిఫికెట్ అక్కర్లేదు, మీ శాస్త్రానికి పురాణం సాక్ష్యం అక్కర్లేదు. తర్వాతి ప్రశ్నకు పదండి.

సంధానకర్త: పెద్ద రాజ్యాలు రావడానికి, తప్పు చేస్తే శిక్షించే దేవుడు కారణమంటారు...

మానవశాస్త్ర పరిశోధకుడు: మనస్తత్వవేత్త అరా నోరెంజాయన్ వాదన అది. పైనుంచి చూసేవాడు ఉన్నాడనుకుంటే పరిచయం లేనివాళ్ళు కూడా ఒకరినొకరు మోసగించరు, అందువల్ల పెద్ద సమాజాలు సాధ్యమయ్యాయి అని. దానికి ఎదురుగా 2019లో ‘నేచర్’ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. పదివేల ఏళ్ళ చరిత్ర, 414 సమాజాల సమాచారం. సమాజం పెద్దదైన తర్వాతే అలాంటి దేవుడు వచ్చాడన్నది వాళ్ళ నిర్ణయం. 2021లో ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. ఎందుకంటే సమాచారం దొరకని చోట, ముఖ్యంగా రాత లేని కాలాల్లో, ‘అలాంటి దేవుడు లేడు’ అని నమోదు చేసుకున్నారు.

తర్క పండితుడు: మా విద్యార్థి ఈ తప్పు చేస్తే పరీక్ష తప్పించేవాణ్ణి. కనబడకపోవడం కూడా ప్రమాణమే, అంటే తెలుసుకోవడానికి ఒక ఆధారమే, అనుపలబ్ధి అంటారు. ప్రాచీన తత్త్వవేత్త కుమారిల భట్టు కాలం నుంచి దానికో షరతు ఉంది. ఉంటే తప్పకుండా కనబడి ఉండేది అన్నప్పుడే, కనబడలేదు కాబట్టి లేదు అనాలి. చీకటి గదిలో కుండ కనబడలేదని కుండే లేదంటారా? రాత లేని జాతి తన దేవుణ్ణి గురించి ఏ రాతి మీద రాస్తుంది?

సంధానకర్త: గుండం దగ్గరికి మళ్ళీ వద్దాం. నమ్మకం లేనివాడు తొక్కితే?

జీవశాస్త్ర ఆచార్యురాలు: కాలడంలో తేడా ఉండదు. బూడిద పట్టిన బొగ్గు వేడిని నెమ్మదిగా పాదానికి ఇస్తుంది, అడుగు పడి లేచే సమయం చాలా తక్కువ. ఆగితే భక్తుడికైనా బొబ్బలే.

మానవశాస్త్ర పరిశోధకుడు: మనసు దగ్గర తేడా ఉంది. మానవశాస్త్రవేత్త దిమిత్రిస్ జిగలాటాస్ బృందం మారిషస్‌లో తమిళుల కావడి ఉత్సవం దగ్గర చేసిన పరిశోధనను 2013లో ప్రచురించింది. బుగ్గల్లో శూలాలు గుచ్చుకుని గంటల తరబడి నడిచినవాళ్ళకు కొంత డబ్బిచ్చి, ఇష్టమైతే గుడికి గుప్తంగా ఇవ్వవచ్చన్నారు. కేవలం ప్రార్థనలో పాల్గొన్నవాళ్ళ కంటే వీళ్ళు ఎక్కువ ఇచ్చారు. శూలం గుచ్చుకోకుండా పక్కన నడిచినవాళ్ళు కూడా అంతే ఉదారంగా ఇచ్చారు. అంతకుముందు స్పెయిన్‌లోని సాన్ పెద్రో మాన్రికే గ్రామంలో, నిప్పుల మీద నడిచేవాళ్ళకూ చూసేవాళ్ళకూ గుండె చప్పుడు కొలిచే పట్టీలు కట్టారు. నడిచేవాడి గుండె లయతో గట్టున ఉన్న బంధువుల, మిత్రుల లయ కలిసింది. వేడుక చూడటానికి వచ్చిన పరాయివాళ్ళ లయ కలవలేదు.

తర్క పండితుడు: చూశారా, ఇంతసేపూ మనం ‘నమ్మకం’ అంటున్నాం, మీరు కొలిచిందంతా క్రియ. వేదకర్మల అర్థం విచారించే మా పూర్వమీమాంసకులు ఎప్పుడో అన్నారు: యజ్ఞంలో ప్రధానం కర్మ, దేవత దానికి అంగమే. వాళ్ళ భాష్యకారుడు శబరస్వామి దేవతకు శరీరం ఉందనడానికి కూడా ఒప్పుకోలేదు.

మానవశాస్త్ర పరిశోధకుడు: అందుకే పీర్ల గుండం నాకు ముఖ్యం. ఖరీదైన క్రతువు ‘మనవాళ్ళ’ను బిగించి ‘వాళ్ళ’ను దూరం చేస్తుందని పుస్తకాల్లో చదువుతాం. ఇక్కడ పీరు ఎత్తుకునేవాడు హిందువు కావచ్చు, గుండం తవ్వినవాడు ముస్లిం కావచ్చు. ఇద్దరి సిద్ధాంతాలూ కలవవు. కాళ్ళు మాత్రం ఒకే నిప్పుల మీద పడతాయి. అక్కడ బిగుసుకునేది మతం కాదు, ఊరు. స్పెయిన్‌లో కట్టిన పట్టీలు మన ఊళ్ళో కట్టి చూడాలి.

జీవశాస్త్ర ఆచార్యురాలు: కట్టండి. రక్తసంబంధీకుల లయే కలుస్తుందని నా పందెం.

మానవశాస్త్ర పరిశోధకుడు: మతం ఏదైనా ఊరివాళ్ళందరిదీ కలుస్తుందని నాది.

సంధానకర్త: మాస్టారూ, మీరు ఎవరి పక్షం?

తర్క పండితుడు: పట్టీ ముందు ఊరొదిలి హైదరాబాద్ వెళ్ళి, పండుగకు మాత్రమే వచ్చినవాడికి కట్టండి. వాడి లయ కలిసిందో లేదో చెప్పాక నా పక్షం చెబుతాను.

సంధానకర్త: వార్తల సమయమైంది. ముగ్గురికీ ధన్యవాదాలు.