ముంపుకు ఒక జన్యువు, ఉప్పుకు ఒక కోత: గోదావరి వరి కణాల్లో ఏం జరిగింది?

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరులో 1925 నుంచి వరి పరిశోధన కేంద్రం ఉన్న సంగతి మన డెల్టాలో చాలామందికి తెలుసు. అక్కడ పుట్టిన రెండు వంగడాలు, ఎంటీయూ 7029 అనే స్వర్ణ, ఎంటీయూ 1010 అనే కాటన్‌దొర సన్నాలు, పరమాణు జీవశాస్త్ర ప్రయోగశాలలకు వెళ్లి కొత్త గుణాలను సంపాదించుకున్నాయి. ఆ మార్పులు ఎలా జరిగాయో వివరించడానికి, చాలాకాలం మొక్కల జన్యుశాస్త్రం బోధించి విశ్రాంత జీవితం గడుపుతున్న మాస్టారు మనతో ఉన్నారు. మాస్టారూ, ఈ రెండింటినీ బీటీ పత్తితో కలిపి అన్నీ జన్యుమార్పిడి పంటలేనని మా ఊళ్లో అంటుంటారు. అది సరైన మాటేనా?

అతిథి: కాదమ్మా. బీటీ పత్తిలో ఉన్న క్రై జన్యువు నేలలో బతికే ఒక బాక్టీరియాది. పత్తి మొక్కను పత్తి మొక్కతో ఎన్ని తరాలు సంకరపరచినా అది రాదు కనుక ప్రయోగశాలలో చొప్పించవలసి వచ్చింది, దాని సాగుకు 2002లో మన దేశంలో అనుమతి లభించింది. ముంపును తట్టుకునేలా స్వర్ణ నుంచి తయారైన స్వర్ణ సబ్-1లో చేరిన జన్యువు మాత్రం వరి జన్యువే, ఒడిశాకు చెందిన పాత రకం నుంచి పుప్పొడి ద్వారా వచ్చినదే. కాటన్‌దొర సన్నాల సంగతి ఈ రెండింటికీ భిన్నం, ఎందుకంటే అందులో చివరికి కొత్తగా ఏదీ మిగల్చలేదు, ఉన్న జన్యువులో ఒక ముక్కను పోగొట్టారు. మూడింటికీ ఒకే పేరు పెడితే వాటిని సమర్థించేవారి వాదనా తేలదు, వ్యతిరేకించేవారి వాదనా తేలదు.

వ్యాఖ్యాత: అయితే స్వర్ణతోనే మొదలుపెడదాం. సార్వాలో ఊడ్చిన కొద్ది రోజులకే గోదావరికి వరద వచ్చి, మురుగు కాలువలు లాగక, చేలు వారం పది రోజులు నీట మునిగి ఉండటం మనకు కొత్త కాదు. నీరు తీశాక చూస్తే చేను కుళ్లిపోయి ఉంటుంది. అసలు మునిగిన మొక్క ఎందుకు చనిపోతుంది?

అతిథి: ఊపిరాడక చనిపోతుందని అనుకుంటాం, అది కొంతవరకే నిజం. గాలిలో కంటే నీటిలో వాయువులు దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతాయి. అందువల్ల బయటి ప్రాణవాయువు మొక్కకు అందకపోవడమే కాక, మొక్క తనలో తయారు చేసుకునే ఎథిలీన్ అనే హార్మోను వాయువు బయటికి పోలేక కణజాలంలోనే పేరుకుంటుంది. తాను మునిగానని మొక్కకు తెలిసేది ఆ ఎథిలీన్ వల్లనే. అప్పుడు జిబ్బరెల్లిన్ అనే మరో హార్మోను ప్రభావం పెరిగి, కాండంలోనూ ఆకుల్లోనూ కణాలు సాగుతాయి, నీటిపైకి తల ఎత్తుకోవాలని మొక్క తహతహలాడుతుంది. బురద నీటిలో వెలుతురు అందదు కనుక కొత్త ఆహారం తయారు కాదు, ఉన్న పిండిపదార్థమంతా ఈ ఎదుగుదలకే ఖర్చవుతుంది. కరువులో విత్తనపు గింజలను కూడా వండుకుని తిన్న ఇంటి పరిస్థితే దానిదీ. నీరు తీసేనాటికి పొడుగ్గా సాగి పాలిపోయిన కాండం నిలబడలేక పడిపోతుంది, మళ్లీ పిలక వేయడానికి దానిలో శక్తి మిగలదు.

వ్యాఖ్యాత: మరి ఒడిశా రకంలో ఏముంది?

అతిథి: ఎఫ్ఆర్ 13ఎ అనే ఆ రకానికి మునిగినప్పుడు ఎదగకుండా ఆగిపోయే స్వభావం ఉంది. ఆ గుణం తొమ్మిదో క్రోమోజోముపై ఒక చోట ఉందని 1996లో గుర్తించారు, అందుకు కారణమైన సబ్1ఎ జన్యువును 2006లో వెల్లడించారు. డేవిడ్ మెకిల్, కెనాంగ్ షు, పమేలా రోనాల్డ్ వంటి శాస్త్రవేత్తల కృషి అది. ఎథిలీన్ పేరుకున్నప్పుడు పనిచేయడం మొదలుపెట్టి, జిబ్బరెల్లిన్ మాటను కణాలు వినకుండా అడ్డుకునే ప్రోటీన్లను పెంచడమే ఆ జన్యువు పని. దానివల్ల మొక్క రెండు వారాల దాకా పిండిపదార్థాన్ని దాచుకుని నిద్రాణంగా ఉండి, నీరు తీశాక ఆ నిల్వతో కొత్త ఆకు వేస్తుంది. ఇక్కడ నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటుంది. లోతునీటి వరిలో స్నార్కెల్ అనే జంట జన్యువులను జపాన్ శాస్త్రవేత్తలు 2009లో కనుగొన్నారు. అవి కూడా సబ్1ఎ కుటుంబానికే చెందినవి, అవి కూడా ఎథిలీన్‌కే స్పందిస్తాయి, కానీ వాటి ఆదేశం పూర్తిగా విరుద్ధం: ఎంత వీలైతే అంత పొడుగు ఎదగమని. నెలల తరబడి నీరు నిలిచే చోట అదే సరైన పద్ధతి, వారం పది రోజుల్లో తీసే మన వరదకు సబ్1ఎ పద్ధతి సరైనది. ఒకే కబురు విని రెండు వరులు రెండు తీర్మానాలు చేసుకున్నాయి.

వ్యాఖ్యాత: ఆ జన్యువు స్వర్ణలోకి ఎలా చేరింది? సంకరం చేస్తే ఆ పాత రకపు మిగతా గుణాలన్నీ కూడా వస్తాయి కదా?

అతిథి: వస్తాయి. అందుకే మొదటి సంకరాన్ని మళ్లీ మళ్లీ స్వర్ణతోనే సంకరపరుస్తారు. ప్రతి తరంలోనూ వందల మొక్కల ఆకుల నుంచి డీఎన్ఏ తీసి, సబ్1 ప్రాంతం ఉన్న మొక్కలను ముందు ఏరి, వాటిలోనూ మిగతా క్రోమోజోములు ఎక్కువగా స్వర్ణవే అయిన వాటిని ఎంచుకుంటారు. మొక్కను నీట ముంచి చూడవలసిన పని లేకుండా మొలక దశలోనే ఎంపిక జరిగిపోతుంది. ఇందులో వాడే పీసీఆర్ పరీక్ష ఈ జిల్లాకు కొత్తదేమీ కాదు, రొయ్య పిల్లలో తెల్లమచ్చల వైరస్ ఉందో లేదో చూడటానికి చెరువుల రైతులు హేచరీ సీడ్‌కు చేయించే పరీక్ష అదే. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో ఇలా తయారైన స్వర్ణ సబ్-1 మన దేశంలో 2009లో విడుదలైంది. తినేవారికీ మిల్లరుకూ అది స్వర్ణే, ముంపు వచ్చినప్పుడు మాత్రమే తేడా కనిపిస్తుంది. అయితే ఈ రక్షణ పిలక దశ వరకేనని గట్టిగా చెప్పాలి. పూత మీద ఉన్న చేను మునిగితే సబ్1 కాపాడలేదు.

వ్యాఖ్యాత: ఇప్పుడు కాటన్‌దొర సన్నాలు. దాళ్వాకు అనువైన స్వల్పకాలిక రకంగా 1010ని మన రైతులు ఎరుగుదురు. న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ దాన్ని జన్యు సవరణ చేసి పూసా డీఎస్టీ రైస్-1గా రూపొందించిందని, కేంద్ర వ్యవసాయ మంత్రి 2025 మే 4న ప్రకటించారు. ఈ సవరణ అంటే ఏమిటి? మొక్కకు ఏదైనా ఇంజక్షన్ చేస్తారా?

అతిథి: చేయరమ్మా. చేసినా లాభం లేదు, ఎదిగిన మొక్కలో ఉన్న కోట్లాది కణాల్లో ఏ కొన్నింటినో మార్చితే అది విత్తనానికి అందదు. మార్పు ఒక్క కణంలో జరగాలి, ఆ ఒక్క కణం నుంచి మొత్తం మొక్క రావాలి. వరి గింజలోని పిండాన్ని తగిన హార్మోన్లు కలిపిన మాధ్యమంపై ఉంచితే, వేరూ ఆకూ అన్న తేడా లేని కణాల ముద్ద పెరుగుతుంది. దాన్ని కాలస్ అంటారు. దాంట్లోని ఒక్కొక్క కణానికీ పూర్తి మొక్కగా ఎదగగల సామర్థ్యం ఉంటుంది, అయితే జపోనికా వరుల్లో ఇది తేలికగా జరిగినట్టు మన ఇండికా రకాల్లో జరగదు, ఇక్కడే పరిశోధకుల ఓపిక చాలావరకు ఖర్చవుతుంది. కణానికి గట్టి గోడ ఉంటుంది కనుక లోపలికి సందేశం చేర్చడానికి అగ్రోబాక్టీరియం అనే నేల బాక్టీరియాను వాడతారు. అది ప్రకృతిలో తన డీఎన్ఏ ముక్కను మొక్క క్రోమోజోములో చొప్పించి కణితి పుట్టిస్తుంది. శాస్త్రవేత్తలు కణితి జన్యువులను తీసేసి, వాటి స్థానంలో డీఎన్ఏను తెంచే కాస్9 ప్రోటీనుకూ, దానికి దారి చూపే ఆర్ఎన్ఏకూ సంబంధించిన జన్యువులను పెడతారు.

వ్యాఖ్యాత: పత్రికల్లో దాన్ని జన్యు కత్తెర అని రాస్తున్నారు.

అతిథి: రాయనివ్వండి, కానీ ఆ పోలిక సగం దూరమే వస్తుంది. వరి జన్యురాశిలో దాదాపు 39 కోట్ల క్షార జతలు, అంటే డీఎన్ఏ రాతలో అక్షరాల వంటివి, ఉంటాయి. వాటిలో తనకు సరిపడే సుమారు 20 క్షారాల వరుసను దారి చూపే ఆర్ఎన్ఏ వెతికి పట్టుకుంటుంది, కాస్9 అక్కడ డీఎన్ఏ రెండు పోగులనూ తెంచుతుంది. దాని పని అంతటితో ముగుస్తుంది. అసలు మార్పు చేసేది మొక్క కణమే. తెగిన క్రోమోజోము కణానికి ప్రాణాపాయం కనుక, మరమ్మతు ఎంజైములు ఆ కొసలను తొందరగా అతికిస్తాయి. ఆ తొందరలో కొన్ని క్షారాలు రాలిపోతాయి, లేదా ఒకటి రెండు అదనంగా చేరతాయి, దానితో జన్యువు చెడుతుంది. రెండు చోట్ల తెంచితే మధ్య ముక్క మొత్తం పోవచ్చు. ఎంటీయూ 1010పై 2020లో ప్రచురితమైన పరిశోధనలో డీఎస్టీ జన్యువు నుంచి 366 క్షార జతల ముక్క ఇలాగే పోయింది. ఎమ్మాన్యుయెల్ షార్పెంటియే, జెనిఫర్ డౌడ్నా 2012లో వెల్లడించి 2020లో నోబెల్ పొందిన క్రిస్పర్ పద్ధతి ఇది.

వ్యాఖ్యాత: అంటే కాస్9 జన్యువు ఇంకా ఆ మొక్కలోనే ఉంటుంది కదా? మరి కొత్తగా ఏదీ మిగల్చలేదని ఇందాక అన్నారు.

అతిథి: మంచి పట్టు పట్టారు. మొదటి తరం మొక్క నిజంగానే జన్యుమార్పిడి మొక్క, బాక్టీరియా ద్వారా వచ్చిన ముక్క అందులో ఉంటుంది. దాన్ని వదిలించుకోవడానికి పాత మెండెల్ సూత్రమే ఆధారం. ఆ ముక్క క్రోమోజోములపై ఒకే చోట చేరి ఉంటే, స్వపరాగ సంపర్కం తరువాత పుట్టే మొక్కల్లో సగటున నాలుగింట ఒకటి దాన్ని అసలు పొందదు. సవరణ వేరే చోట ఉంటుంది కనుక, సవరణ ఉండి చొప్పించిన ముక్క లేని మొక్కలను ఏరుకోవచ్చు. చివరి విత్తనంలో పరాయి డీఎన్ఏ లేదన్నది అలా వచ్చిన మాటే. దాని ఆధారంగానే కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2022 మార్చి 30న ఇలాంటి సవరణలను జన్యుమార్పిడి జీవులపై 1989 నాటి నియమావళిలోని కొన్ని నిబంధనల నుంచి మినహాయించింది. అయితే ఆ ముక్క పూర్తిగా పోయిందా, అనుకోని చోట ఇంకేమైనా తెగిందా అని జన్యురాశి అంతా చదివి చూపించిన ఆధారాలు ఎవరైనా పరిశీలించేలా బహిరంగంగా ఉండాలని నేను కోరుకుంటాను. మినహాయింపు ఇవ్వడం తప్పు కాదు, దానితో పాటు సమాచారాన్ని కూడా దాచిపెడితే తప్పు.

వ్యాఖ్యాత: జన్యువును చెడగొడితే మొక్కకు మేలు జరగడం వింతగా ఉంది.

అతిథి: డీఎస్టీ అనేది ఇతర జన్యువులను నడిపించే ప్రోటీను. ఆకుపై పత్రరంధ్రాలను మూసే సంకేతం హైడ్రోజన్ పెరాక్సైడ్. డీఎస్టీ దాన్ని పేరుకోనివ్వక, రంధ్రాలు తెరిచి ఉండేలా చేస్తుంది. నీరు సమృద్ధిగా ఉన్న చోట అది మంచిదే, గాలి బాగా ఆడి ఆహారం బాగా తయారవుతుంది. డీఎస్టీ పోయిన మొక్కలో రంధ్రాలు తేలికగా మూసుకుంటాయి, వాటి సంఖ్య కూడా తగ్గుతుంది, ఆకు వెడల్పవుతుంది. ఆవిరయ్యే నీరు తగ్గితే వేరు నుంచి ఆకుకు ఎక్కే ఉప్పు కూడా తగ్గుతుంది.

వ్యాఖ్యాత: అంతర్వేది, అల్లవరం, మొగల్తూరు వైపు శివారు ఆయకట్టులో దాళ్వాకు కాలువ నీరు సరిగా అందనప్పుడు ఉప్పు పైకి తేలుతుంది. అక్కడికి ఇది పరిష్కారమా?

అతిథి: కొంత ఊరట కావచ్చు. ఉప్పు, చవుడు నేలల్లో దీని దిగుబడి మాతృ రకం కంటే 9.66 నుంచి 30.4 శాతం దాకా ఎక్కువని రూపొందించిన సంస్థ చెప్పింది, ఆ పరీక్షల గణాంకాలు అంతటి మాటను బలపరచవని విమర్శకులు అన్నారు, భారత వ్యవసాయ పరిశోధన మండలి వారి వాదనను తోసిపుచ్చింది. మన నేలలో, మన రైతు పొలంలో పక్కపక్కనే వేసి చూడకుండా ఎవరి పక్షానా మాట్లాడను. ఇంకొక మాట కూడా చెప్పాలి. సముద్రపు పోటు మురుగు కాలువల్లోకి ఎక్కడం ఒకటైతే, పక్క చెరువులోని ఉప్పునీరు వరి చేలోకి ఊరడం మరొకటి. రెండోది మనుషులు చేసినది. ఉప్పును తట్టుకునే వరి వచ్చిందని చెప్పి ఆ ఊటను చూసీచూడనట్టు వదిలేస్తే, ఏ జన్యువైనా కొన్నేళ్లకు ఓడిపోతుంది.

వ్యాఖ్యాత: రైతు ఈ విత్తనాన్ని ఇంట్లో కట్టుకోవచ్చా?

అతిథి: ఇది హైబ్రిడ్ కాదు, సూటి రకం, కనుక గుణం చెడదు. 2001 నాటి వంగడాల రక్షణ, రైతు హక్కుల చట్టం కూడా విత్తనం దాచుకోవడాన్ని, ఇచ్చిపుచ్చుకోవడాన్ని అనుమతిస్తుంది. చిక్కు ఉన్నది క్రిస్పర్ పేటెంట్ల వద్ద. అవి విదేశీ సంస్థల చేతిలో ఉన్నాయి, పరిశోధనకు వాడటం వేరు, విత్తనంగా అమ్మడం వేరు.

వ్యాఖ్యాత: చివరిగా మా నాన్నగారు అడగమన్న ప్రశ్న. ముంపుకూ ఉప్పుకూ ఏదో ఒకటి వచ్చింది, 1996 నవంబరులో కోనసీమను చూసిన మాకు అసలు భయం కోతల ముందు వచ్చే తుపాను. పడిపోయిన చేలో గింజ కంకికే మొలకెత్తుతుంది. దానికి జన్యువు లేదా?

అతిథి: ఉందమ్మా. గింజను నిద్రలో ఉంచేది అబ్సిసిక్ ఆమ్లం, మేల్కొలిపేది ఇందాకటి జిబ్బరెల్లిన్. ఆ తూకాన్ని ప్రభావితం చేసే ఎస్‌డీఆర్4 అనే జన్యువును 2010లో జపాన్‌లో గుర్తించారు. కాని ఇక్కడ జన్యువును తెంచడం పనికిరాదు. తెంచితే నిద్ర తగ్గుతుంది, మనకు కావలసింది నిద్ర. అలాగని మరీ పెంచితే, సార్వాలో కోసిన గింజను నవంబరు, డిసెంబరుల్లో దాళ్వా ఆకుమడికి పోసినప్పుడు అది మొలవదు. రెండు మూడు వారాల నిద్ర మాత్రమే కావాలి. అందుకు జన్యువు ఎంత మేరకు పనిచేయాలో నిర్ణయించే ముందరి నియంత్రణ భాగంలో చిన్న చిన్న సవరణలు చేసి, ఒక్కొక్క దానికీ గింజ ఎన్ని రోజులకు మొలుస్తుందో పొలంలో కొలవాలి. ఈలోగా మారుటేరు పెంపకందారులు పాత పద్ధతిలోనే, కోసిన గింజను తడిపి రోజులు లెక్కపెట్టి, ఆ గుణం ఉన్న రకాలను ఏరుతున్నారు.