స్నోమొబైల్ టనెల్ కోయడానికి ఏ టూల్ వాడాలి?

నమస్తే అండి. గరాజ్‌లో హీటర్ తిరుగుతోంది, దాని చప్పుడు మాటల మధ్యలో వస్తుంది, సర్దుకోండి. మిన్నెసోటాలో జనవరి నెల ఇది. హీటర్ ఆపితే వీడియో కూడా ఆపాల్సిందే.

సరే, ఇవాళ ఈ స్లెడ్‌కి, అంటే మంచు మీద నడిచే ఈ స్నోమొబైల్ బండికి, రెండు పనులు చేస్తున్నాం. ఒకటి, ఇదిగో ఈ టనెల్. బండిని నడిపే రబ్బరు పట్టా, అదే ట్రాక్, దాని మీద కప్పులా పొడుగ్గా ఉంది చూశారా, ఇది. దీని తోక నాలుగు అంగుళాలు తగ్గిస్తాం. లోతు మంచులో కొండ ఎక్కేటప్పుడు ముక్కు పైకి లేస్తుంది కదా, అప్పుడు ఈ తోక మంచులో దిగబడి బండిని పట్టేస్తుంది. అందుకు. రెండోది, కాళ్లు పెట్టుకునే ఈ రన్నింగ్ బోర్డులకి కన్నాలు. బూటు కింద మంచు చేరి గడ్డ కడుతుంది, కాలు జారుతుంది. కన్నాలుంటే కిందకి రాలిపోతుంది. అంతే.

ముందు చకచకా చేసేవి చేసేద్దాం. సీటు తీశాను. పెట్రోల్ ట్యాంక్ తీసి బయట పెట్టాను, గరాజ్‌లో కాదు, బయట. బ్యాటరీ తీశాను. వెనక లైటు, దాని వైరు, తోకకి వేలాడే స్నో ఫ్లాప్, బంపర్ అన్నీ విప్పేశాను. రివెట్లు ఎలా తీయాలో తెలుసు కదా, మధ్యలో ఉన్న పుల్లని పంచ్‌తో కొట్టేసి, అదే సైజు డ్రిల్ బిట్‌తో తల తీసేయడమే. అయిపోయింది. ఆ, ఒక్కటి. కుడివైపు టనెల్ మీద బండి నంబర్ కొట్టి ఉంటుంది, ఇదిగో. దాని జోలికి వెళ్లకండి. అది పోతే బండి అమ్మలేరు, రిజిస్ట్రేషన్‌కీ తలనొప్పే.

ఇప్పుడు అసలు విషయం. బెంచ్ మీద పరిచాను చూడండి. గ్రైండర్, సన్న బ్లేడ్ కిందకీ మీదకీ ఆడే జిగ్‌సా, గుండ్రటి బ్లేడున్న చిన్న సర్క్యులర్ సా, నిబ్లర్, రేకు కత్తెర్లు, బ్లేడ్ అటూ ఇటూ అదిరే ఆసిలేటింగ్ టూల్, డ్రిల్‌కి తగిలించి గుండ్రటి కన్నాలు కోసే హోల్ సా. వీటిలో ఏది మంచిదని అడుగుతారు. అన్నీ కోస్తాయండీ! టనెల్ రేకు మందం సుమారు 2 మిల్లీమీటర్లు, అల్యూమినియం, మెత్తన. కోయడం పెద్ద పని కాదు. కాబట్టి రేకుని చూసి టూల్ ఎంచుకోకండి, రేకు వెనక ఏముందో చూసి ఎంచుకోండి. ఇది గుర్తుంటే మిగతా వీడియో చూడకపోయినా పర్లేదు. చూడండి కానీ.

మొదట గ్రైండర్, ఎందుకంటే అందరి చేతికీ ముందు అదే వస్తుంది. ఇనుము కోసే మామూలు కటింగ్ వీల్ దీనికి వద్దు. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది, అంతకన్నా ముందే మెత్తబడి వీల్ రంధ్రాల్లోకి దూరిపోతుంది. తడి పిండిని జల్లెడలో వేసినట్టు, అన్నీ మూసుకుపోతాయి. ఇక అది కోయదు, రుద్దుతుంది. రుద్దితే వేడి, వేడెక్కితే మనం ఇంకా నొక్కుతాం, నొక్కితే వీల్ పగిలే ప్రమాదం. అల్యూమినియానికని రాసి ఉన్న వీల్స్ విడిగా దొరుకుతాయి, గ్రైండర్ తప్పదంటే అవి కొనండి. గార్డ్ తీయకండి. ఇంకోటి, అల్యూమినియం కోస్తుంటే నిప్పురవ్వలు రావు, దాంతో ధైర్యం వచ్చేస్తుంది. దారిలో ఒక స్టీల్ బోల్టు తగిలిందా, రవ్వలు లేస్తాయి. అందుకే ట్యాంక్ బయట పెట్టమన్నది.

అన్నట్టు, అల్యూమినియం పొడి పడి ఉన్న బెంచ్ మీద తుప్పు పట్టిన ఇనుము గ్రైండ్ చేయకండి. తుప్పు, సన్నటి అల్యూమినియం పొడి, ఈ రెండూ కలిపి అంటిస్తే వచ్చే వేడితోనే కదా రైలు పట్టాలు అతికిస్తారు. ఊడ్చేసి చేయండి.

రేకు కత్తెర్లు. ఎర్ర పిడి ఎడమవైపు తిరుగుతూ కోస్తుంది, ఆకుపచ్చ పిడి కుడివైపు, పసుపు తిన్నగా. ఇంత మందానికి చెయ్యి నొప్పి పుడుతుంది, అంచు కూడా వంకర పోతుంది. పలచటి బ్రాకెట్లకి వాడండి, టనెల్‌కి వద్దు. నిబ్లర్ బాగుంటుంది, రేకుని కొరుక్కుంటూ పోతుంది, వేడి ఉండదు. కానీ అది రాల్చే అర్ధచంద్రాకారపు ముక్కలు సూదుల్లాంటివి, సాక్సుల్లో దూరతాయి. మా ఇంట్లో ఈ టూల్‌కి పర్మిషన్ లేదు.

ఇక జిగ్‌సా. నాకు ఇష్టమైనది ఇదే. బై-మెటల్ బ్లేడ్, అంగుళానికి 14 పళ్ల దగ్గర ఉండేది తీసుకోండి. పళ్లు మరీ పెద్దవైతే 2 మిల్లీమీటర్ల రేకు రెండు పళ్ల మధ్యలో ఇరుక్కుని గడగడ కొట్టుకుంటుంది. మరీ సన్నవైతే పొడి ఇరుక్కుంటుంది. స్పీడ్ మధ్యస్థంగా. గీత మీద మాస్కింగ్ టేప్ వేస్తే మార్క్ కనిపిస్తుంది, జిగ్‌సా అడుగు రేకుని గీకదు. బ్లేడ్‌కి కాస్త డబ్ల్యూడీ-40 స్ప్రే నూనె కొట్టండి, లేదా కొవ్వొత్తి రుద్దండి. నేను కొవ్వొత్తే వాడతాను, చిందదు, నేల జారదు. అల్యూమినియం బ్లేడ్‌కి అంటుకోకుండా ఉంటే చాలు మనకి.

ఇప్పుడు కాసేపు ఆగండి. కెమెరా కిందకి తెస్తున్నాను, టనెల్ లోపలికి. కనిపిస్తోందా? లైటు ఇటు పెడతాను. ఇదిగో, పైకప్పుకి అంటుకుని చాళ్లు చాళ్లుగా ఉంది చూడండి, ఇది కూలర్. హీట్ ఎక్స్ఛేంజర్. ఇంజిన్ వేడి నీళ్లు, అదే కూలెంట్, ఇందులో తిరుగుతాయి. ట్రాక్ విసిరే మంచు దీనికి కొట్టుకుని చల్లబరుస్తుంది. బయటి నుంచి చూస్తే మీకు రేకే కనిపిస్తుంది. లోపల, ఆ రేకు వెనకే ఇది.

జిగ్‌సా బ్లేడ్ చూడండి ఇప్పుడు. స్కేల్ పెడుతున్నాను. టూల్ అడుగు భాగం కింద నుంచి 2 అంగుళాలు పైగా బయటికి ఉంది, పైగా కిందకీ మీదకీ ఆడుతుంది. మీరు కోయాల్సింది 2 మిల్లీమీటర్లు. మిగతా బ్లేడ్ అంతా ఎక్కడ తిరుగుతోంది? మీకు కనిపించని చోట. కూలర్‌కి తగిలితే రేకు తెగినంత తేలిగ్గా అదీ తెగుతుంది. దాని ధర ఈ బెంచ్ మీద ఉన్న టూల్స్ అన్నిటికన్నా ఎక్కువ అవ్వచ్చు.

అందుకని కూలర్ ఎక్కడ అయిపోతుందో లోపలి నుంచి కొలవండి. ఆ కొలతని బయట మార్కర్‌తో గీయండి, ఇలా, ఎర్ర గీత. కొన్ని మోడళ్లలో కూలర్ తోక దాకా వస్తుంది, అలాంటివి పొట్టి చేయడం కుదరదు, వదిలేయండి. కొన్నిటిలో రన్నింగ్ బోర్డ్ అంచు వెంట కూడా ఉంటాయి. అక్కడ కూడా కిందకి వంగి చూడండి, చేత్తో తడమండి.

ఎర్ర గీతకి దూరంగా ఉన్నంత సేపూ జిగ్‌సా. గీతకి దగ్గరైతే సర్క్యులర్ సా. దీనిలో లోతు కట్టేయచ్చు కదా! ఇలా స్క్రూ వదులు చేసి, బ్లేడ్ 5 మిల్లీమీటర్లు మాత్రమే బయటికి వచ్చేలా బిగించేశాను. ఇక రేకు దాటి 3 మిల్లీమీటర్లకి మించి వెళ్లదు. బ్లేడ్ మాత్రం కార్బైడ్ పళ్లది, అల్యూమినియానికని రాసి ఉన్నది. తిన్నటి కోతకి దీన్ని మించింది లేదు, కానీ చప్పుడు మామూలుగా ఉండదు. మన ఊళ్లో అల్యూమినియం కిటికీల షాపు ముందు నుంచి వెళ్లినవాళ్లకి తెలుసు. చెవులకి మఫ్స్, కళ్లకి గ్లాసెస్. మూలల్లో సర్క్యులర్ సా పట్టని చోట ఆసిలేటింగ్ టూల్. నిదానం, కానీ మాట వింటుంది.

మూలల గురించి. లోపలి మూల ఎప్పుడూ నిటారుగా కోయకండి. ముందు అక్కడ 1/4 అంగుళం డ్రిల్ వేసి, కోతని ఆ కన్నంలోకి తెచ్చి ఆపండి. పదునైన మూల ఉంటే బండి అదిరే కొద్దీ అక్కడి నుంచే పగులు పాకుతుంది.

కోస్తున్నాను... ఇది ఫాస్ట్‌లో పెడతాను. ఈలోగా ఒక ముచ్చట. స్నోమొబైల్ కంపెనీలు రెండు, పొలారిస్, ఆర్కిటిక్ క్యాట్. పొలారిస్ మొదలైన రోజో (Roseau) అనే ఊరు, ఆర్కిటిక్ క్యాట్ మొదలైన థీఫ్ రివర్ ఫాల్స్, రెండూ ఈ మిన్నెసోటా ఉత్తరాన ఉన్న చిన్న ఊళ్లే. రెండు కంపెనీల మొదట్లోనూ ఉన్నది ఒకే మనిషి, ఎడ్గర్ హెట్టీన్. ఇక్కడ ఎవరి గరాజ్‌కి వెళ్లినా ఈ రెండిట్లో ఏది గొప్పో వాదన తప్పదు, నేను తలదూర్చను.

తెగింది. రన్నింగ్ బోర్డులకి హోల్ సా. అదే కొవ్వొత్తి, నిదానంగా, మధ్య మధ్యలో పైకి తీసి పొడి దులపండి. బయటి వైపు మడత అంచు ఉంది చూశారా, దాన్ని ముట్టుకోవద్దు, బలమంతా అందులోనే. కన్నానికీ కన్నానికీ మధ్య కనీసం ఒక కన్నం అంత రేకు వదలండి. డబ్బులుంటే డింపుల్ డై కొనండి, కన్నం అంచుని గరాటులా వంచుతుంది, రేకు గట్టిపడుతుంది, బూటుకి పట్టు కూడా దొరుకుతుంది.

అంచులకి ఆకురాయి. ముందు ఆకురాయికి సుద్దముక్క రుద్దండి, అల్యూమినియం పళ్లలో ఇరుక్కోదు. తర్వాత ఉప్పు కాగితం. వేలికి తగిలితే గీరుకోకూడదు, అప్పుడు ఆపండి.

స్నో ఫ్లాప్ మళ్లీ బిగించండి, మర్చిపోవద్దు. మంచుని కూలర్ మీదకి మళ్లించేది అదే, లేకపోతే ఇంజిన్ వేడెక్కుతుంది. లైటు కొత్త అంచుకి జరిపి బిగించండి. బోల్టు తల టనెల్ లోపలికి, నట్టు బయటికి. తిరగేసి పెడితే ఆ బోల్టు కొస ట్రాక్‌ని చీల్చేస్తుంది. రివెట్లయినా అంతే, తల లోపల, తోక బయట. ఇప్పుడు బండి వెనక జాక్ మీద లేపి ట్రాక్‌ని చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పండి, వింటూ తిప్పండి. ఎక్కడా టక్ అనలేదు. ట్యాంక్ పెట్టేయొచ్చు.