చిన్న వ్యాపారానికి ఆన్‌లైన్ మార్కెటింగ్: ఏది ముందు, ఏది తర్వాత?

నమస్కారం అండీ. చిన్న వ్యాపారం చేసేవాళ్లు ఎవరు కలిసినా నన్ను అడిగే మాట ఒకటే: "గూగుల్‌లో యాడ్ ఇవ్వమంటారా, ఇన్‌స్టాగ్రామ్‌లో ఇవ్వమంటారా?" ఈరోజు ఒక్కో పద్ధతినీ తీసుకుని, అది ఎవరికి పనికొస్తుంది, డబ్బు ఎక్కడ కారిపోతుంది అన్నది చెప్తాను. ఈ వీడియో కోసం ఏ కంపెనీ దగ్గరా డబ్బు తీసుకోలేదు.

ముందు మీరు ఒక విషయం తేల్చుకోవాలి. మీ కస్టమర్ మీ పని కోసం తనే వెతుక్కుంటాడా? లేక కంటికి కనపడితే తప్ప కొనాలన్న ఆలోచనే రాదా? ఏసీ ఆగిపోయినవాడు వెంటనే ఫోన్ తీసి వెతుకుతాడు. చేత్తో చేసిన నగ కోసం అలా వెతికేవాళ్లు తక్కువ, చూశాక మనసు పడేవాళ్లు ఎక్కువ. మొదటి రకం వ్యాపారమైతే గూగుల్, రెండో రకమైతే ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్. ఇది తేల్చుకోకుండా పక్కవాళ్లు చేస్తున్నారని మొదలుపెడితే నెల తిరిగేసరికి విసుగొస్తుంది.

వెతికే కస్టమర్లు ఉన్నవాళ్లు ఒక్క రూపాయి పెట్టక ముందే చేయాల్సింది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, అంటే గూగుల్ సెర్చ్‌లో, మ్యాప్‌లో మీ వ్యాపారం వివరాలు చూపించే పేజీ. 2014లో గూగుల్ మై బిజినెస్‌గా వచ్చింది, 2021లో ఈ పేరు పెట్టారు. పూర్తిగా ఉచితం. మ్యాప్‌లో ఎవరిని పైన చూపించాలన్నది గూగుల్ ముఖ్యంగా మూడింటిని బట్టి చూస్తుంది: వెతికిన మాటకు మీ పని ఎంత సరిపోతుంది, వెతికినవాళ్లకు మీరు ఎంత దగ్గరలో ఉన్నారు, మీకు ఎంత పేరుంది. దూరం మన చేతిలో లేదు. మిగతా రెండూ ఉన్నాయి. మీది ఏ రకం వ్యాపారమో చెప్పే ప్రధాన కేటగిరీ సరిగ్గా పెట్టండి, సమయాలు నిజంగా తెరిచి ఉండే సమయాలే రాయండి, మీ పని ఫోటోలు మీరే తీసి పెట్టండి.

రివ్యూల దగ్గర చాలామంది మొహమాటపడతారు. అడగందే అమ్మయినా పెట్టదు కదండీ! పని పూర్తయిన రోజే రివ్యూ లింకు పంపి అడగండి. మరుసటి వారం అడిగితే రాసే ఓపిక వాళ్లకు ఉండదు. డిస్కౌంట్ ఇస్తాం, గిఫ్ట్ ఇస్తాం అని మాత్రం రివ్యూలు రాయించకండి. అది గూగుల్ నిబంధనలకు విరుద్ధం.

ఇక గూగుల్ సెర్చ్ యాడ్స్, అంటే గూగుల్‌లో వెతికినప్పుడు ఫలితాలతో పాటు కనపడే యాడ్స్. 2000లో యాడ్‌వర్డ్స్ పేరుతో మొదలైంది, 2018 నుంచి గూగుల్ యాడ్స్. అవసరంలో ఉన్న మనిషి అదే నిమిషంలో మీకు దొరుకుతాడు కాబట్టి సర్వీసు వ్యాపారాలకు నా మొదటి ఓటు దీనికే. కానీ డబ్బు ఊరికే పోయేది కూడా ఇక్కడే, అందుకే కాస్త నెమ్మదిగా చెప్తాను.

యాడ్ మీద నొక్కిన ప్రతి క్లిక్కుకూ మీరు డబ్బు కడతారు, ఎవరి యాడ్ కనపడాలన్నది వేలంలో తేలుతుంది. అయితే ఎక్కువ పాడినవాడే గెలుస్తాడని లేదు. యాడ్ మీద ఎంతమంది నొక్కే అవకాశం ఉంది, వెతికిన మాటకు యాడ్ ఎంత దగ్గరగా ఉంది, నొక్కాక తెరుచుకునే పేజీ ఎలా ఉంది అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. "ఏసీ రిపేర్" అని వెతికినవాడిని మీ హోమ్ పేజీకి పంపితే అక్కడ వాడు వెతుక్కోవాలి. నేరుగా ఏసీ రిపేర్ పేజీకే పంపండి, ఫోన్ నంబరు పైనే కనపడనివ్వండి. పేజీ బాగుంటే అదే క్లిక్కు మీకు తక్కువకు కూడా పడొచ్చు.

యాడ్ మొదలుపెట్టే ముందు సెట్టింగులు తప్పకుండా చూడండి. కీవర్డ్ అంటే ఏ మాట వెతికితే మీ యాడ్ రావాలో ఆ మాట. దాన్ని మామూలుగా ఇస్తే అది బ్రాడ్ మ్యాచ్ అవుతుంది, అంటే దానికి సంబంధం ఉన్న వేరే మాటలకూ యాడ్ వస్తుంది. "ఏసీ రిపేర్" అని మీరు ఇస్తే, రిపేర్ నేర్చుకోవాలనుకునేవాడికీ, ఆ ఉద్యోగం కోసం చూసేవాడికీ కూడా మీ యాడ్ కనపడొచ్చు. కొత్తలో ఫ్రేజ్ మ్యాచ్ (మీ మాట అర్థం కలిసిన వెతుకులాటలకే), ఎగ్జాక్ట్ మ్యాచ్ (అచ్చంగా అదే అర్థం ఉన్నవాటికే) చాలు. "కోర్సు", "ఉద్యోగం", "ఉచితం" లాంటివి నెగటివ్ కీవర్డ్స్‌లో, అంటే ఈ మాటలుంటే యాడ్ చూపించొద్దు అనే జాబితాలో వేయండి. లొకేషన్ దగ్గర, మీ ప్రాంతంలో ఉన్నవాళ్లతో పాటు ఆ ప్రాంతం మీద ఆసక్తి చూపినవాళ్లను కూడా కలిపే ఆప్షన్ ఉంటుంది. మీరు ఇంటికెళ్లి పనిచేసే వ్యాపారమైతే ప్రాంతంలో ఉన్నవాళ్లనే ఎంచుకోండి. రోజువారీ బడ్జెట్ కూడా గట్టి హద్దు కాదు. ఏదో ఒక రోజు దానికి రెట్టింపు దాకా ఖర్చు కావచ్చు, నెల మొత్తం మీద సర్దుతారు. ఇది తెలియక ఒక్కరోజు లెక్క చూసి కంగారుపడి యాడ్ ఆపేసినవాళ్లు ఉన్నారు.

మొదటి నెల వారానికి రెండుసార్లయినా సెర్చ్ టర్మ్స్ రిపోర్టు తెరవండి. జనం నిజంగా ఏ మాటలు కొట్టి మీ యాడ్ దాకా వచ్చారో అందులో కనపడుతుంది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైన పేజీ అదే. కస్టమర్ తన అవసరాన్ని ఏ మాటల్లో చెప్పుకుంటాడో తెలిస్తే మీ పేజీలోనూ అవే మాటలు రాయొచ్చు.

లెక్క ఇలా వేసుకోండి. వంద క్లిక్కులకు పది ఫోన్లు, పది ఫోన్లకు ఇద్దరు కస్టమర్లు వచ్చారనుకుందాం. అంటే ఒక కస్టమర్‌కు యాభై క్లిక్కుల ఖర్చు. ఒక కస్టమర్ మీద మీకు మిగిలేది అంతకన్నా ఎక్కువ ఉందా? లేకపోతే ముందు పేజీనీ, మీరు ఫోన్ ఎత్తే తీరునూ సరిచేసుకోండి. మోగిన ఫోన్ ఎత్తకపోతే ఆ క్లిక్కు డబ్బు వృథానే.

చూస్తే కొనాలనిపించే వస్తువు అమ్మేవాళ్లకు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ బాగుంటాయి. పెట్టిన పోస్టును డబ్బిచ్చి ఎక్కువమందికి చూపించే బూస్ట్ బటన్ సులువుగా ఉంటుంది కానీ దానితో లైకులొచ్చి ఆర్డర్లు రాకపోవచ్చు. వాళ్లదే యాడ్స్ నడిపే పేజీ, యాడ్స్ మేనేజర్‌లోకి వెళ్లి, మీకు కావాల్సింది మెసేజా, అమ్మకమా అన్నది మీరే ఎంచుకోండి. యాడ్ ఎవరికి చూపించాలో వాళ్ల సిస్టమ్ నేర్చుకుని కుదురుకోవడానికి ఒక్కో యాడ్ సెట్‌కు (ఒకే బడ్జెట్, ఒకే రకం జనానికి పెట్టిన యాడ్స్ గుంపు) వారంలో సుమారు 50 ఫలితాలు, అంటే మీరు ఎంచుకున్న మెసేజులో అమ్మకాలో, కావాలి. కొంచెం బడ్జెట్‌ను ఐదారు ముక్కలు చేస్తే ఏదీ కుదురుకోదు. ఒకటే నడపండి, ఫోటోలూ వీడియోలూ మారుస్తూ చూడండి.

2021 ఏప్రిల్‌లో ఐఫోన్‌లో ట్రాకింగ్‌కు అనుమతి అడగడం మొదలయ్యాక, తెర మీద కనపడే ఫలితాల లెక్క మునుపటంత ఖచ్చితం కాదు. కాబట్టి వచ్చిన ప్రతి కస్టమర్‌నూ "మా గురించి ఎలా తెలిసిందండీ?" అని అడిగి పుస్తకంలో రాసుకోండి.

ఎస్‌ఈఓ, అంటే డబ్బు కట్టకుండానే గూగుల్ ఫలితాల్లో మీ వెబ్‌సైట్ పైకి వచ్చేలా దాన్ని సరిచేసుకోవడం, మంచిదే, కానీ నెలలు పడుతుంది. మొదటి స్థానం గ్యారంటీ అని ఎవరైనా అంటే అక్కడితో మాట ఆపేయండి. అలాంటి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే చెప్తోంది.

వాట్సాప్ బిజినెస్ యాప్ పాత కస్టమర్లను నిలుపుకోవడానికి మంచిది. బ్రాడ్‌కాస్ట్ లిస్టు (ఒకే మెసేజ్‌ను చాలామందికి విడివిడిగా పంపే సౌకర్యం) మెసేజ్ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. నాకది మంచి నియమమే అనిపిస్తుంది, ఎందుకంటే మిమ్మల్ని గుర్తుపెట్టుకోవాలనుకున్నవాళ్లకే మీ మాట వెళ్తుంది. నంబర్ల లిస్టులూ, ఈమెయిల్ లిస్టులూ మాత్రం కొనకండి. జీమెయిల్ వాడేవాళ్లకు మెయిల్స్ పంపేవాళ్ల మీద స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదని 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ నియమం. అంటే వెయ్యిమందిలో ముగ్గురు విసుక్కున్నా ఇబ్బందే.

కస్టమర్ల పేర్లూ నంబర్లూ ఈ యాప్‌ల బయట, మీ దగ్గర కూడా ఉంచుకోండి. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ కలిసి సుమారు ఆరు గంటలు ఆగిపోయాయి. ఆర్డర్లన్నీ అక్కడే తీసుకునేవాళ్లకు ఆ పూట కస్టమర్లను అందుకునే దారే లేదు.

చివరిగా నాకు జరిగింది చెప్తాను. మొదట్లో నా పని యాడ్స్ ఒక ఏజెన్సీకి అప్పగించాను. ఖాతా వాళ్ల పేరు మీదే తెరిచారు, నేను పట్టించుకోలేదు. ఏడాదికి విడిపోయినప్పుడు ఖాతా వాళ్లతోనే పోయింది. ఏ మాటలకు ఫోన్లు వచ్చాయి, ఏ యాడ్ నడిచింది అన్న చరిత్ర అంతా పోయింది. పెట్టిన డబ్బు కన్నా దానికే ఎక్కువ బాధపడ్డాను. అందుకే యాడ్ ఖాతా, బిజినెస్ ప్రొఫైల్, వెబ్‌సైట్ డొమైన్ (వెబ్‌సైట్ చిరునామా) మూడూ మీ ఈమెయిల్‌తో మీరే తెరిచి, ఏజెన్సీకి లోపలికి అనుమతి మాత్రం ఇవ్వండి. ఇప్పటికే ఎవరికైనా అప్పగించి ఉంటే, ఓనర్‌గా ఎవరి పేరుందో ఈరోజే లాగిన్ అయి చూసుకోండి. సెర్చ్ టర్మ్స్ రిపోర్టు ఎలా చదవాలో వచ్చే వీడియోలో తెర మీదే చూపిస్తాను. ఉంటానండీ.