ఆ ఐదుగురిని చూడండి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ఈ హాలు కోసం రెండు నెలలు తిరిగిన కుర్రాళ్ళకు, పొద్దుటి నుంచి వంటల దగ్గరే ఉన్న అక్కచెల్లెళ్ళకు పేరుపేరునా నమస్కారాలు. పేర్లు చదవడం మొదలుపెడితే నాకిచ్చిన పావుగంట అక్కడే అయిపోతుంది. మన్నించండి.

నాకిచ్చిన అంశం "అమెరికన్ ఫుట్‌బాల్ మనవాళ్ళకు అర్థమయ్యేలా". వచ్చే నెల, 2025 సెప్టెంబర్‌లో, సీజన్ మొదలవుతోంది, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూడా టీవీ ముందు కూర్చుంటారు, వాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పండి అన్నారు. సరే. ఇటు పదకొండు మంది, అటు పదకొండు మంది. బంతి చేతిలో ఉన్న జట్టు అఫెన్స్, ఆపే జట్టు డిఫెన్స్. నాలుగు ప్రయత్నాల్లో 10 యార్డులు ముందుకు పోవాలి. యార్డు అంటే మన గజమే. పోతే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు ఇస్తారు, పోకపోతే బంతి అవతలివాళ్ళది. బంతి అందుకుని ఎవరి చేతికివ్వాలో, ఎవరికి విసరాలో తేల్చేవాడు క్వార్టర్‌బ్యాక్. మిగతాది చూస్తుంటే వచ్చేస్తుంది.

నేను మాట్లాడాలనుకున్నది వేరే ఉంది. ఏడాదిగా మనసులో పెట్టుకున్నాను. ఇవాళ మైకు దొరికింది కాబట్టి చెప్పేస్తాను.

పోయిన ఏడాది, 2024 సెప్టెంబర్ 8, ఆదివారం. నేపర్‌విల్‌లో మా స్నేహితుడి ఇంటి బేస్‌మెంట్‌లో పన్నెండు కుటుంబాలం చేరాం. మీలో చాలామంది ఆ రోజు అక్కడే ఉన్నారు. సోల్జర్ ఫీల్డ్ మైదానంలో మన షికాగో జట్టు బేర్స్‌కీ, టెనెసీ టైటన్స్‌కీ ఆట. డ్రాఫ్ట్‌లో, అంటే కాలేజీ ఆటగాళ్ళను జట్లు వరసగా ఎంచుకునే చోట, దేశం మొత్తం మీద మొదటి పిక్‌గా వచ్చిన మన కొత్త క్వార్టర్‌బ్యాక్ కేలెబ్ విలియమ్స్‌కి అది మొదటి ఆట. 1985 సీజన్‌లో సూపర్ బౌల్, అంటే లీగు ఫైనల్, గెలిచిన జట్టు గురించి ఇంకా చెప్పుకుంటూ బతుకుతున్న ఊరు మనది. ఈ జట్టు చరిత్రలో ఒక్క సీజన్‌లో 4,000 యార్డులు విసిరిన క్వార్టర్‌బ్యాక్ ఇంతవరకు లేడు. అలాంటి ఊరికి ఈ అబ్బాయి వచ్చాడు. పిల్లలందరికీ 18 నంబరు జెర్సీలు కొన్నాం.

ఏం జరిగింది? రెండో క్వార్టర్‌కల్లా 17-0తో వెనకబడ్డాం. అఫెన్స్ కదలదు. మూడు ప్రయత్నాలు, పంట్, అంటే బంతిని అవతలివాళ్ళ వైపు దూరంగా తన్నేయడం. మళ్ళీ మూడు, మళ్ళీ పంట్. చివరికి 24-17తో గెలిచాం, కానీ ఆ 24లో అఫెన్స్ చేసిన టచ్‌డౌన్, అంటే బంతిని చివరి గీత దాటించడం, ఒక్కటీ లేదు. అవతలివాళ్ళ పంట్‌ని అడ్డుకుని తెచ్చిన టచ్‌డౌన్ ఒకటి, టైరీక్ స్టీవెన్సన్ వాళ్ళ పాస్‌ని మధ్యలో పట్టుకుని పరుగెత్తి తెచ్చింది ఇంకొకటి. మిగిలినవి ఎక్కువగా కైరో సాంటోస్ గోల్‌పోస్టుల మధ్యగా తన్నిన ఫీల్డ్ గోల్స్. కేలెబ్ లెక్క 29 పాస్‌లు విసిరితే 14 అందాయి, మొత్తం 93 యార్డులు. అఫెన్స్ మొత్తం కలిపి 148 యార్డులు.

గెలిచిన ఇంట్లో సంతోషం ఉండాలి కదా. లేదు. "93 యార్డులా? దీనికా మొదటి పిక్?" అన్నారు ఒకరు. "కాలేజీలో ఆడినంత ఈజీ కాదు ఇక్కడ" అన్నారు ఇంకొకరు. "వీడూ అంతే, మన ఖర్మ" అన్నది నేను. అవును, ఆ మాట అన్నది నేనే. అందుకే ఇవాళ ఇంతమంది ముందు చెప్పుకుంటున్నాను.

అప్పుడు కార్పెట్ మీద కూర్చున్న మా అబ్బాయి రిమోట్ తీసుకుని ఆటను వెనక్కి తిప్పాడు. తిప్పి, "నాన్నా, బంతిని చూడకు. దాని ముందున్న ఐదుగురిని చూడు" అన్నాడు.

ఆ ఐదుగురే అఫెన్సివ్ లైన్. మధ్యలో సెంటర్, అతనికి చెరోపక్క గార్డులు, ఆ పక్కన టాకిల్స్. క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకే వాళ్ళని ఆపడమే వీళ్ళ పని. ఒక్కొక్కరు మూడు వందల పౌండ్ల మనిషి. వీళ్ళు బంతి విసరరు, పట్టుకోరు, స్కోరు బోర్డు మీద వీళ్ళ పేరు రాదు. వీళ్ళని దాటుకుని అవతలివాడు వచ్చి, బంతి చేతిలో ఉండగానే క్వార్టర్‌బ్యాక్‌ని పడేస్తే దాన్ని సాక్ అంటారు.

ఒక పని చేద్దాం. దయచేసి అందరూ నాతో పాటు చప్పట్లు కొట్టండి. సెకనుకి ఒకటి. ఒకటి... రెండు... మూడు. అంతే. బంతి చేతికొచ్చాక క్వార్టర్‌బ్యాక్‌కి సుమారుగా దొరికే టైము అది. ఆ మూడు చప్పట్లలో నలుగురైదుగురు ఎటు పరుగెత్తుతున్నారో చూడాలి, అవతలివాళ్ళ ఎత్తు కనిపెట్టాలి, విసరాలి. లైన్ తేలిపోతే రెండో చప్పట్టుకే మీద పడతారు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, మొదటి రోజు. విసరాల్సిన దానికన్నా ఎత్తుగా విసిరిన బంతులు ఉన్నాయి, కాదనను. బంతిని ఎక్కువసేపు పట్టుకుని కూర్చుంటాడన్న మాటా నిజమే. కానీ ఒకసారి కాళ్ళ కింద నేల కదిలినవాడు తర్వాతి సారి నేల గట్టిగా ఉన్నా తడబడతాడు. ఆ తడబాటు ఎక్కడి నుంచి వచ్చిందో చూడకుండా 93 అనే అంకెను మాత్రం చూశాం.

మా అబ్బాయికి ఇదంతా ఎలా తెలుసు అంటారా? హైస్కూల్లో వాడు లెఫ్ట్ గార్డ్. 64 నంబరు.

అంశం పక్కకు పోతోందని అధ్యక్షుల వారు నా వైపు చూస్తున్నారు. కాసేపు ఓర్చుకోండి.

శుక్రవారం రాత్రి స్కూల్ ఆటలుండేవి. అక్టోబర్ చలి, కూర్చుంటే జివ్వుమనే అల్యూమినియం బల్లలు, ఫ్లాస్కులో టీ. మా ఆవిడ దుప్పటి కప్పుకుని తలకి దెబ్బ తగలకూడదని దణ్ణం పెట్టుకుంటూ కూర్చునేది. నేను మాత్రం అందరితో పాటు అరిచేవాణ్ణి. ఆట అయ్యాక కారెక్కి వాడు అడిగేవాడు, "నాన్నా, మూడో క్వార్టర్‌లో నేను చేసిన బ్లాక్ చూశావా?" అని. "చూశాను నాన్నా, సూపర్" అనేవాణ్ణి. అబద్ధం. నా కళ్ళు బంతి వెంట పోయేవి. నా కొడుకు ఆడుతున్న ఆటలో నేను నా కొడుకుని చూడలేదు. ఒక సీజన్ కాదు, మూడు సీజన్లు.

శనివారం పొద్దున భోజనానికి కూర్చుంటే వాడి వేళ్ళు వంగేవి కావు. అవతలివాడి జెర్సీ, ప్యాడ్లు పట్టుకుని తోసి తోసి కణుపులు వాచిపోయి ఉండేవి. పప్పన్నం కలుపుకోలేకపోయేవాడు. స్పూన్ ఇస్తే వద్దనేవాడు. మా ఆవిడే ఆవకాయ వేసి కలిపి, చిన్నప్పుడు పెట్టినట్టు ముద్దలు చేసి ప్లేటు అంచున వరసగా పెట్టేది. ఆరడుగుల పిల్లాడు తలొంచుకుని ఒక్కొక్కటే తినేవాడు. వాడి టీమ్‌లో క్వార్టర్‌బ్యాక్ అబ్బాయి ఫోటో లోకల్ పేపర్‌లో పడింది. ఆ ఫోటో అంచున ఒక మోచెయ్యి కనపడుతుంది. అది మావాడిది. మా ఆవిడ ఆ పేపర్ ముక్క దాచింది, ఇప్పటికీ ఉంది.

నాలుగో ఏడు నేను బంతిని చూడటం మానేశాను. 64ని మాత్రమే చూశాను. అప్పుడు అర్థమైంది ఈ ఆట. అంత అర్థమైనవాణ్ణి, పోయిన సెప్టెంబర్‌లో మళ్ళీ 93 దగ్గరే ఆగిపోయాను. అందుకే బాధ.

ఇదే సెప్టెంబర్ 8న, 2002లో ఏం జరిగిందో చెప్తాను. హ్యూస్టన్ టెక్సన్స్ అనే కొత్త జట్టు తన మొట్టమొదటి ఆట ఆడింది. డాలస్ మీద 19-10తో గెలిచింది. క్వార్టర్‌బ్యాక్ డేవిడ్ కార్, అతనూ మొదటి పిక్, అతనికీ అది మొదటి ఆట. మొదటి పిక్‌గా వచ్చి మొదటి వారమే దిగి గెలవడం అతని తర్వాత మళ్ళీ కేలెబ్‌కే కుదిరింది. హ్యూస్టన్‌లో ఎంత సంబరపడి ఉంటారో మీరే ఊహించుకోండి. ఆ సీజన్ పూర్తయ్యేసరికి కార్‌ని 76 సార్లు పడేశారు. ఇవాళ్టికీ అదే రికార్డు. 2005లో మళ్ళీ 68 సార్లు. 2007లో పంపించేశారు. ఆ తర్వాత వేరే జట్లలో బ్యాకప్‌గా మిగిలాడు. చేతిలో బలం లేక కాదు. ముందున్న గోడ కట్టకుండానే అతన్ని నిలబెట్టారు.

కేలెబ్‌కి పోయిన సీజన్‌లో ఎన్ని సాక్‌లో తెలుసా? 68. సరిగ్గా అంతే. రెండో వారం హ్యూస్టన్‌లో ఏడు, నవంబర్‌లో న్యూ ఇంగ్లండ్ మీద మన మైదానంలోనే తొమ్మిది. ఆ తొమ్మిది అయిన రెండు రోజులకు అఫెన్స్ కోఆర్డినేటర్‌ని తీసేశారు. థాంక్స్‌గివింగ్ నాడు డెట్రాయిట్‌లో చివరి నిమిషంలో టైము చేజార్చుకుని ఓడాక మర్నాడు హెడ్ కోచ్‌ని తీసేశారు. సీజన్ నడుస్తుండగా హెడ్ కోచ్‌ని మార్చడం బేర్స్ చరిత్రలో అదే మొదటిసారి. వరసగా పది ఆటలు ఓడాం. ఇన్నిసార్లు పడ్డవాడు లేచి 20 టచ్‌డౌన్లు విసిరాడు, ఇంటర్‌సెప్షన్లు, అంటే అవతలివాళ్ళు మధ్యలో పట్టుకున్న పాస్‌లు, ఆరు మాత్రమే. ఇంటర్‌సెప్షన్ లేకుండా వరసగా అతనన్ని పాస్‌లు విసిరిన రూకీ, అంటే మొదటి ఏడాది ఆటగాడు, ఇంకొకడు లేడు. ఈ మాట మన బేస్‌మెంట్‌లో ఎవరూ అనలేదు. "రెండో పిక్ జేడెన్ డేనియల్స్‌ని చూడు, వాషింగ్టన్‌లో ఎలా ఆడుతున్నాడో" అన్నారు. మన ఇళ్ళలో పక్కింటి పిల్లాడి మార్కులు అడిగే అలవాటు ఇక్కడికీ వచ్చింది. ఆ డేనియల్సే అక్టోబర్‌లో చివరి బంతికి మనల్ని 18-15తో ఓడించాడు. ఆ పాస్ దగ్గర ప్రేక్షకుల వైపు తిరిగి ఉన్నది మొదటి రోజు మనల్ని గెలిపించిన స్టీవెన్సనే. ఆ రాత్రి మనం అతన్ని తిట్టిన తిట్లు పిల్లలు కూడా విన్నారు.

2021లో మన అప్పటి క్వార్టర్‌బ్యాక్ జస్టిన్ ఫీల్డ్స్‌నీ ఇలాగే చేశాం. క్లీవ్‌లాండ్‌లో మొదటిసారి స్టార్టర్‌గా దిగిన రోజు తొమ్మిది సాక్‌లు. అఫెన్స్ మొత్తం 47 యార్డులు. సాక్‌లలో పోయిన యార్డులు తీసేస్తే పాస్‌ల మీద మిగిలింది ఒక్క యార్డు. ఒకటి! ఐదుగురు ముందుండగా ఒక్కడి చేతిలో ఒక్క యార్డు మిగిలిందంటే తప్పు ఎవరిదని అడగాలి? మనం ఫీల్డ్స్‌నే అడిగాం.

నేను చెప్పేది నా కొడుకు మీద ప్రేమతో చెప్పే మాట అనుకుంటారేమో. ఈ ఏడాది బేర్స్ ఏం చేశారో చూడండి. డెట్రాయిట్ అఫెన్స్ నడిపిన బెన్ జాన్సన్‌ని హెడ్ కోచ్‌గా తెచ్చారు. తెచ్చాక లైన్ మధ్యలో ఉన్న మూడు స్థానాలూ మార్చేశారు. అట్లాంటా నుంచి సెంటర్ డ్రూ డాల్మన్, లాస్ ఏంజెలస్ రామ్స్ నుంచి గార్డ్ జోనా జాక్సన్, కాన్సస్ సిటీ నుంచి నాలుగు సూపర్ బౌల్ ఉంగరాలున్న జో థూనీ. థూనీ లెఫ్ట్ గార్డ్. ఆ వార్త వచ్చిన రోజు మా అబ్బాయి ఆఫీసు నుంచి ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా ఒక నిమిషం నవ్వాడు.

టైము అయిపోయిందని చీటీ వచ్చింది. ఒక్క మాట చెప్పి దిగుతాను.

వచ్చే నెల సెప్టెంబర్ 8, సోమవారం రాత్రి, మళ్ళీ సోల్జర్ ఫీల్డ్. వచ్చేది మినెసోటా వైకింగ్స్. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ జె.జె. మెకార్తీ. పోయిన ఏడు కేలెబ్‌తో పాటే డ్రాఫ్ట్ అయ్యాడు, మోకాలి దెబ్బతో సీజన్ మొత్తం కూర్చున్నాడు. అసలు లీగులో ఇదే అతని మొదటి ఆట. ఆ అబ్బాయి ఎవరనుకుంటున్నారు? మన పక్కనున్న లా గ్రాంజ్ పార్క్ పిల్లాడు. నేను బేర్స్ గెలవాలనే కోరుకుంటాను, గొంతు పోయేలా అరుస్తాను. కానీ అమ్మా, అయ్యా, ఆ రాత్రి అతని అంకెలు చూసి, కేలెబ్ అంకెలు చూసి, పిల్లల ముందు ఎవర్నీ "వీడింతే" అనకండి. ప్రతి క్వార్టర్‌లో ఒక్కసారి బంతిని వదిలేసి ఆ ఐదుగురిని చూడండి.

ఇంకొకటి. మనవాళ్ళ పిల్లల్లో ఇద్దరు ఈ ఏడాది హైస్కూల్ లైన్‌లో చేరారని విన్నాను. వాళ్ళ అమ్మానాన్నలు భోజనాల దగ్గర నాకు ఒకసారి కనపడండి. మీ పిల్లల నంబర్లు చెప్పండి, రాసుకుంటాను. శుక్రవారం ఫ్లాస్కు తీసుకుని వస్తాను.

నమస్కారం.