ముహూర్తం 2:08కి, నా లాప్‌టాప్ మాత్రం గ్రబ్ దగ్గరే

అందరికీ నమస్తే. వెనక కిటికీలోంచి తెల్లగా కనిపిస్తోంది చూశారా, రాత్రి పడ్డ మంచు, అమెరికాలో మా కొలంబస్‌లో ఫిబ్రవరి అంటే ఇంతే. ఈ వారం ఇండియన్ స్టోర్‌కి తీసుకెళ్తానన్నాను కదా, అది వచ్చే వారం. శనివారం మధ్యాహ్నం నా లాప్‌టాప్ నాకు పట్టపగలే చుక్కలు చూపించింది, అవి మీకు కూడా చూపించకపోతే నాకు తృప్తి ఉండదు.

తెనాలిలో మా పిన్ని కూతురి పెళ్లి. నాకు సెలవు దొరకలేదు. శుభలేఖలో వేస్తారే, శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం 2:08కి ముహూర్తం అని, అంటే ఇక్కడ మాకు శనివారం మధ్యాహ్నం 3:38. లైవ్ పెడతామన్నారు. చూస్తూ రికార్డ్ కూడా చేసుకుందామని లాప్‌టాప్ తెరిస్తే సి డ్రైవ్ ఎర్రగా మారిపోయి 4 జీబీ మిగిలిందంటోంది.

డిస్క్‌ని ఏయే ముక్కలుగా (పార్టిషన్లుగా) చేశారో చూపించే విండోస్ టూల్, డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లాను. చివర్లో 58 జీబీ ముక్క ఒకటి ఉంది, దానికి పేరు లేదు, డ్రైవ్ లెటర్ లేదు. ఎవరిదీ కాని జాగా దొరికిందనుకుని డిలీట్ వాల్యూమ్ కొట్టేశాను. అది ఉబుంటు, అంటే విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్, లినక్స్‌లో ఒక రకం. ఎంఎస్ కోసం నేను బయల్దేరే ముందు మా తమ్ముడే విండోస్ పక్కన వేసిచ్చాడు, అసైన్‌మెంట్లు అయిపోయాక నేను దాని మొహం కూడా చూడలేదు. లినక్స్ ఫైళ్లు దాచుకునే పద్ధతి ఈఎక్స్‌టీ4, దాన్ని విండోస్ చదవలేదు కాబట్టి అక్కడ దానికి పేరూ ఊరూ ఉండవు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. పోనీ డిలీట్ చేసి సాధించిందేమైనా ఉందా అంటే అదీ లేదు, సి డ్రైవ్‌కీ ఆ ఖాళీకీ మధ్యలో విండోస్ రికవరీ పార్టిషన్ తిష్ట వేసుకుని ఉంది, సి డ్రైవ్‌ని పెంచే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ అన్నది నొక్కడానికే రావట్లేదు. ఒకసారి రీస్టార్ట్ చేస్తే వస్తుందేమో అనుకున్నాను.

రాలేదు సరికదా, నల్ల స్క్రీన్. పైన గ్నూ గ్రబ్ అని పేరు (ఆన్ చేయగానే విండోసా ఉబుంటునా అని అడిగి దాన్ని లేపే చిన్న ప్రోగ్రామ్), కింద గ్రబ్ అన్న మాట, పక్కన ఒక బాణం గుర్తు, అక్కడ మిణుకుమిణుకుమంటూ కర్సర్. అంతే.

ఇప్పుడు తీరిగ్గా చెబుతున్నాను గానీ అసలు జరిగింది చాలా చిన్న విషయం. ఆన్ చేయగానే ఫర్మ్‌వేర్, మనం అలవాటుగా బయోస్ అంటామే, అది ఈఎఫ్ఐ అనే చిన్న పార్టిషన్‌లోకి చూస్తుంది, నా దాంట్లో అది 100 ఎంబీ. అందులో విండోస్ ఫోల్డర్ ఒకటి, ఉబుంటు ఫోల్డర్ ఒకటి. గ్రబ్ ఉండేది ఉబుంటు ఫోల్డర్‌లోనే, కానీ దాని మెనూ ఉండేది నేను డిలీట్ చేసిన 58 జీబీలో. ఇల్లు కూలగొట్టేసి వాచ్‌మన్‌ని మాత్రం గేటు దగ్గరే వదిలేశానన్నమాట, ఆయన పాపం వచ్చినవాళ్లని ఎటు పంపాలో తెలీక నన్నే అడుగుతున్నాడు. విండోస్‌కి ఏమీ కాలేదు. అక్కడే ఎగ్జిట్ అని టైప్ చేసి ఎంటర్ కొడితే చాలా మెషీన్లలో వరసలో తర్వాతది, అంటే విండోస్, వచ్చేస్తుంది. లేదంటే ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కి (కొన్నిట్లో ఎఫ్9, కొన్నిట్లో ఎస్కేప్) విండోస్ బూట్ మేనేజర్ ఎంచుకుంటే రెండు నిమిషాల పని.

నేను అలా చేస్తే ఈ వ్లాగ్ ఎందుకుంటుంది. టెన్షన్‌లో ఫోన్‌లో ఏదో వీడియో చూసి బయోస్‌లోకి వెళ్లి, బూట్ వరసలో విండోస్‌ని పైకి జరిపాను, అది మంచి పనే, దాంతో ఆగకుండా సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు నమ్మకమైన ప్రోగ్రామ్‌లనే రానిచ్చే కాపలా) కూడా ఆఫ్ చేశాను. ఈసారి నీలం స్క్రీన్ వచ్చింది. బిట్‌లాకర్, అంటే డిస్క్‌కి విండోస్ వేసే తాళం, 48 అంకెల రికవరీ కీ ఇమ్మంటోంది. సెక్యూర్ బూట్ మారగానే ఎవరో డిస్క్‌ని కదిలిస్తున్నారని దాని అనుమానం. లాప్‌టాప్ సెటప్ చేసింది తమ్ముడు, వాడి అకౌంట్‌తోనే చేశాడు, కాబట్టి కీ వాడి అకౌంట్‌లో ఉంది. వాడేమో పెళ్లి మండపంలో ఉన్నాడు. టైమ్ 3:20.

"ఒరేయ్, అర్జెంట్‌గా ఒక నంబర్ చదవాలిరా."

"అక్కా, ఇప్పుడా? గంపలో చెల్లిని తీసుకురావాలి, పిలుస్తున్నారు."

"మోయడానికి మావయ్యలున్నారులే, నువ్వు చదువు."

వాడి ఫోన్‌లో లాగిన్ అయి చూస్తే కీలు మూడు ఉన్నాయట, నా స్క్రీన్ మీద కీ ఐడీ మొదటి 8 అక్షరాలు చెబితే దాన్ని బట్టి సరైనది పట్టుకున్నాడు. ఆరేసి అంకెలు, ఎనిమిది గుంపులు. వెనక సన్నాయి, డోలు. వాడు ఫైవ్ అంటే నాకు నైన్ అని వినబడుతోంది, నేను నైన్ కొడితే అది ఒప్పుకోదు. చివరికి "తెలుగులో ఏడవరా" అంటే ఐదు, తొమ్మిది అని అరుస్తూ చదవడం మొదలుపెట్టాడు. అప్పుడే ఒక మాట చెప్పాడు, ఇది మాత్రం గుర్తుంచుకోండి, ఆ ఆరంకెల గుంపు ఏదైనా సరే 11తో శేషం లేకుండా భాగం అవుతుందట. ఉదాహరణకి (నా అసలు కీ కాదులెండి) 358149ని 11తో భాగిస్తే సరిగ్గా 32559 వస్తుంది, చివర 5 పెడితే శేషం మిగులుతుంది. ఇక డౌట్ వచ్చినప్పుడల్లా ఫోన్‌ని స్పీకర్‌లో పెట్టి అందులోనే క్యాలిక్యులేటర్.

ఏడో గుంపు మధ్యలో ఉండగా "గట్టిమేళం, గట్టిమేళం" అని కేకలు. ఫోన్ పగిలిపోయేంత మోత. వాడు ఆపలేదు, నేనూ ఆపలేదు. మిగిలిన తొమ్మిది అంకెలు ఆ మోతలోనే చదివాడు. విండోస్ వచ్చి, లైవ్ తెరిచేసరికి తలంబ్రాలు పోసుకుంటున్నారు.

మర్నాడు నింపాదిగా చేశాను మిగతాది. బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేసి, సెక్యూర్ బూట్ మళ్ళీ ఆన్ చేసి, ఆ ఈఎఫ్ఐ పార్టిషన్‌కి కమాండ్ ప్రాంప్ట్‌లో మౌంట్‌వాల్ అనే కమాండ్‌తో ఒక డ్రైవ్ లెటర్ ఇచ్చి, అందులో ఉబుంటు ఫోల్డర్ ఒక్కటే తీసేశాను. ఒక్కటే అంటే ఒక్కటే, పక్కనున్న మైక్రోసాఫ్ట్ ఫోల్డర్ మీద చెయ్యి పడితే ఈసారి విండోసే లేవదు. ఆ 58 జీబీ డి డ్రైవ్ అయింది. కీ కాగితం మీద రాసి పాస్‌పోర్ట్ ఫైల్‌లో పెట్టాను. ఒక చిన్న లాభం కూడా ఉంది: ఇన్నాళ్లూ ఉబుంటు నుంచి విండోస్‌కి వచ్చినప్పుడల్లా గడియారం చలికాలంలో 5 గంటలు ముందుకు పోయేది, తెనాలిలో ఉన్నప్పుడు అదే గడియారం ఐదున్నర గంటలు వెనక నడిచేది. ఉబుంటు మదర్‌బోర్డు గడియారంలో యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక సమయం) రాస్తే విండోస్ దాన్ని లోకల్ టైమ్ అనుకుంటుంది, అదీ కారణం. ఆ గొడవ వదిలింది.

సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేసి అంతా చెబితే వాడు తాపీగా అన్నాడు, "అక్కా, సెక్యూర్ బూట్ అప్పుడే మళ్ళీ ఆన్ చేసుంటే చాలావరకు కీ అడిగేదే కాదు."

పెళ్లి క్లిప్ చివర్లో పెడుతున్నాను. జీలకర్ర బెల్లం పెట్టేచోట అందరూ అక్షింతలు వేస్తుంటే ఎడమవైపు స్తంభం పక్కన ఒకడు చెవి మూసుకుని ఫోన్‌లోకి అరుస్తుంటాడు చూడండి, వాడే.